పోటు ఎప్పుడు పడాలి?

ఒకే రోట్లో ఇద్దరు దంచడం చూశారా? ఒకరి రోకలి లేస్తుండగా రెండోవాళ్ల రోకలి దిగాలి. వరస తప్పితే చేతిలో ఎంత బలం ఉన్నా లాభం లేదు. రెండు రోకళ్లూ ఢీకొంటాయి, బియ్యం నేలపాలు.

మెదడుకి కరెంటు ఇచ్చే వైద్యం చాలాకాలం ఈ వరస సంగతి పట్టించుకోలేదు. ఎన్ని మిల్లీయాంపులు, ఎంతసేపు, ఎక్కడ అన్నవే లెక్కలు. చేతులు వణికించే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకి మెదడు లోపల ఎలక్ట్రోడ్ పెట్టే డీబీఎస్‌లో (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) సాధారణంగా సెకనుకి 130 పల్సుల దాకా, అంటే అన్ని చిన్న కరెంటు పోట్లు, రాత్రీ పగలూ ఒకే తీరుగా వెళ్తుంటాయి. దానివల్ల ఎందరికో మేలు జరిగిన మాట నిజమే. కానీ అవతల మెదడు ఏం చేస్తోందో ఆ యంత్రానికి అక్కర్లేదు.

మెదడేమో ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. మనిషి తల మీద నుంచి ఆ అలల్ని నమోదు చేసి హాన్స్ బెర్గర్ 1929లో ప్రచురించాడు. కళ్లు మూసుకోగానే సెకనుకి దాదాపు 10 సార్లు లేచి పడేది ఆల్ఫా అల. అల అంటే గీత మాత్రమే కాదు, లక్షల న్యూరాన్లు (నాడీకణాలు) ఒక క్షణం స్పందించడానికి సిద్ధంగా ఉండి, మరుక్షణం కాస్త వెనక్కి తగ్గడం. అందుకే అదే పల్సు ఒకసారి తలుపు తీసి ఉన్నప్పుడు వస్తుంది, ఇంకోసారి మూసి ఉన్నప్పుడు.

దీన్ని 1995లో హ్యుయెర్టా, లిస్మన్ అనే పరిశోధకులు చాలా శుభ్రంగా చూపించారు. ఎలుక మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ నుంచి కోసిన పలుచని ముక్కలో థీటా లయ (ఆల్ఫా కన్నా నెమ్మదైన అల) నడుస్తుండగా నాలుగే నాలుగు పల్సులు ఇచ్చారు. అల శిఖరం మీద పడితే న్యూరాన్ల మధ్య బంధం బలపడింది. అంతకుముందు బలపడిన బంధం మీద అవే పల్సులు లోయలో పడితే అది బలహీనమైంది. మోతాదు అదే, ఫలితం తిరగబడింది! నాకైతే ఈ రంగం మొత్తంలో ఇంతకన్నా నచ్చిన ప్రయోగం లేదు.

మనుషుల్లో ఆక్స్‌ఫర్డ్ బృందం 2013లో పార్కిన్సన్స్ వణుకు మీద ప్రయత్నించింది. చెయ్యి వణికే వేగంతోనే తల బయటి నుంచి సన్నని కరెంటు పంపి, వణుకు ఊపులో ఏ దశలో, అంటే లేచేటప్పుడా పడేటప్పుడా, పంపితే వణుకు తగ్గుతుందో ఒక్కొక్కరికీ విడిగా వెతికారు. ఆ దశ పట్టుకున్నాక వణుకు సగటున దాదాపు సగం తగ్గింది. వణుకుని కొలిచింది యాక్సిలరోమీటర్: ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరిగేది దాని వల్లే.

ఇక్కడ చెయ్యే గడియారం కాబట్టి పని సులువైంది. నేరుగా మెదడు అలనే చూసి కొట్టాలంటే అసలు టెన్షన్ మొదలవుతుంది. ఆల్ఫా ఒక చుట్టుకి 100 మిల్లీసెకన్లే పడుతుంది. కంప్యూటర్ 50 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందా, శిఖరం అనుకున్నది లోయ అయిపోతుంది. పైగా ఇప్పుడు అల ఏ దశలో ఉందో కచ్చితంగా చెప్పాలంటే ఇటు జరిగిందీ, అటు జరగబోయేదీ రెండూ కావాలి. జరగబోయేది ఇంకా రాలేదు కదా! అందుకని ఇప్పటిదాకా వచ్చిన అలని బట్టి తర్వాతది అంచనా కట్టి కొడతారు. మెదడు అల లోలకంలా నడవదు. నాలుగు ఊపులు ఊగి చప్పున చల్లారుతుంది, అంచనా గాల్లో కలుస్తుంది. ఇది చాలదన్నట్టు మైక్రోవోల్టుల్లో ఉండే అలని మనం పంపే కరెంటే ముంచేస్తుంది. పక్కన డీజే మోగుతుంటే గుసగుస వినాల్సిన పరిస్థితి.

గాఢనిద్రలో వచ్చే అల మాత్రం నెమ్మది, సెకనుకి ఒకటి కూడా ఉండదు. కొట్టడానికి బోలెడు వ్యవధి. ఇక్కడ కరెంటు కూడా అక్కర్లేదు, చెవిలో చిన్న శబ్దం చాలు. 2013లోనే జర్మనీ పరిశోధకులు అల పైకి లేచే వరసకి సరిగ్గా కలిసేలా ఆ శబ్దం వినిపించారు. అలలు పెద్దవయ్యాయి, పడుకునే ముందు నేర్చుకున్న పదాల జంటలు పొద్దున్నకి బాగా గుర్తున్నాయి. వరస తప్పించి వినిపించినప్పుడు ఆ ఫలితం కనబడలేదు.