అన్నం పళ్ళెం నుంచి బాత్రూం దాకా: సహాయక సాధనాలపై అపోహలు, వాస్తవాలు

ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నా పనంతా మనుషుల రోజువారీ పనులతోనే. పక్షవాతం వచ్చాక అన్నం తినడం, కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతో జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, వెన్నుపూస దెబ్బతిన్నాక మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారడం. వీటికి మందులు అంతగా పనిచేయవు, చిన్న చిన్న సాధనాలు పనిచేస్తాయి. కొన్ని ఇంట్లోనే తయారవుతాయి కూడా. అయినా వాటిని కొననివ్వని, కొన్నా మూలన పడేయించే మాటలు ఇంటింటా వింటూనే ఉంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక సాధనం అవసరం. కళ్ళజోడు కూడా ఆ లెక్కలోదే. దానికి సిగ్గుపడని మనం చేతికర్రకు ఎందుకు సిగ్గుపడాలి?

అపోహ: కుడి చెయ్యి పడిపోతే ఎవరో ఒకరు తినిపించాల్సిందే

ఎడమ చేత్తో తినకూడదన్న పట్టింపు మన ఇళ్ళలో బలంగా ఉంది. కుడివైపు పక్షవాతం వచ్చినవాళ్ళకు ఎడమ చెయ్యి నిక్షేపంగా ఉన్నా, నెలల తరబడి భార్యో కోడలో ముద్దలు కలిపి పెడుతుంటారు. పెట్టేవాళ్ళది ప్రేమే. కానీ తినేవాళ్ళు ఎదుటివాళ్ళకు తీరికైనప్పుడే తినాలి. ఇంకో గరిటె పప్పు వేసుకోవాలనిపించినా మొహమాటపడి చాలంటారు. అలా తిండి తగ్గి నీరసపడినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు.

స్పూనుతో మొదలుపెట్టండి. ఎడమ చేత్తో ముద్ద కలపడానికి ఒప్పుకోని పెద్దవాళ్ళు కూడా ఎడమ చేత్తో స్పూను పట్టడానికి సాధారణంగా అభ్యంతరపెట్టరు. పళ్ళెం జారకుండా కింద తడిపి పిండిన గుడ్డ పరవండి. ఒంటి చేత్తో తింటుంటే మెతుకులు అంచు దాటిపోతాయి కాబట్టి, అంచు నిటారుగా లేచిన పళ్ళెం వాడండి. స్పూనును ఆ అంచుకు ఆనించి అన్నం ఎత్తుకోవచ్చు. మొదటి రోజుల్లో పొడిపొడిగా ఉండే పులిహోర కంటే ముద్దగా కలిసే పప్పన్నం, పెరుగన్నం తేలిక. వేళ్ళు పూర్తిగా ముడవలేనివాళ్ళకు స్పూను పిడి లావు చేయాలి. ఏసీ పైపులకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టం ముక్క తొడిగినా, పాత సైకిల్ ట్యూబు చుట్టినా సరిపోతుంది. అసలు పట్టే లేనివాళ్ళ కోసం అరచేతికి చుట్టుకునే వెల్క్రో పట్టీ దొరుకుతుంది. దానికున్న చిన్న జేబులో స్పూను దూర్చేస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. తినేటప్పుడు పొలమారుతున్నా, తిన్నాక గొంతు నీళ్ళు నిండినట్టు గరగరలాడుతున్నా ముందు మింగడంలో ఇబ్బంది ఉందేమో డాక్టరుకు చూపించాలి. స్పూను, పళ్ళెం సంగతి ఆ తర్వాత.

అపోహ: సాధనం అలవాటైతే సొంత శక్తి పోతుంది

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి కొట్టిపారేయను. పక్షవాతం వచ్చిన చేతిని పూర్తిగా పక్కనపెట్టి అన్నీ రెండో చేత్తోనే చేసుకుంటూ పోతే, కొంతమందిలో ఆ చేతికి వచ్చిన కాస్త కదలిక కూడా వాడకం లేక మరుగున పడుతుంది. అందుకు విరుగుడు ఆ చేతికీ పని చెప్పడమే. పళ్ళెం కదలకుండా పట్టి ఉంచడం, టేబుల్ తుడవడం, రోజూ వ్యాయామం. అంతేగానీ స్పూను లాగేసుకోవడం కాదు.

నడక విషయంలో మాత్రం ఈ భయానికి ఆధారం లేదు. పడిపోతామన్న భయంతో కుర్చీకే అంటిపెట్టుకుపోతే కాళ్ళ కండ కరిగిపోతుంది. కర్ర పట్టుకునైనా పక్కింటిదాకా వెళ్ళొచ్చేవాళ్ళకు నడిచే శక్తి నిలుస్తుంది.

అపోహ: నొప్పి ఉన్న కాలి వైపే కర్ర పట్టుకోవాలి

ఎదురు వైపు పట్టుకోవాలి. ఎడమ మోకాలు నొప్పి అయితే కర్ర కుడి చేతిలో ఉండాలి. ఎడమ కాలు ముందుకు వేసినప్పుడే కర్ర కూడా ముందుకు పడాలి. అప్పుడు ఒంటి బరువు కొంత కర్ర మీదికి మళ్ళి ఆ కాలికి ఊరట దొరుకుతుంది. ఇక ఎత్తు. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. తాతగారి కర్ర ఉంది కదా అని అదే ఇచ్చేస్తే భుజం పైకి లేచిపోతుంది, లేదా నడుం వంగిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బలమైన కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, దానితో నొప్పి కాలు. అడుగున ఉన్న రబ్బరు తొడుగు గీతలు అరిగి నున్నబడితే వెంటనే మార్చండి. తడి గచ్చు మీద ప్రాణం నిలబెట్టేది అదే.

అపోహ: బాత్రూంలో టవల్ రాడ్డు ఉందిగా, పట్టుకుంటారు

టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. గోడలోంచి ఊడి మనిషితోపాటే కింద పడుతుంది. పట్టుకోవడానికి విడిగా గట్టి రాడ్డు కావాలి. దాన్ని ఇటుక గోడలోకి లోతుగా బిగించాలి, కూర్చుని లేచే మనిషి చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూసి గుర్తు పెట్టాలి. ఇంట్లో గొంతుక్కూర్చునే మామూలు మరుగుదొడ్డే ఉంటే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ కొనండి, బాత్రూం పగలగొట్టి కట్టించక్కర్లేదు. తలుపు మాత్రం బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరిచే తలుపును ఎవరూ తీయలేరు.

అపోహ: వీల్‌చైర్ ఏదైనా ఒకటే

చెప్పులకు సైజు చూసే మనం రోజంతా కూర్చునే కుర్చీకి చూడం. తుంటికి రెండు వైపులా సుమారు అంగుళం ఖాళీ ఉంటే చాలు. మరీ వెడల్పయితే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు, కుర్చీ తలుపుల్లోనూ పట్టదు. కొనేముందు బాత్రూం తలుపు టేపుతో కొలవండి. స్పర్శ లేనివాళ్ళకు మంచి కుషన్ తప్పనిసరి. దాంతోపాటు 15 నుంచి 30 నిమిషాలకోసారి పక్కకో ముందుకో వంగి పిరుదుల మీద బరువు తీయాలి. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగు మాత్రం వద్దు. దాని అంచు నొక్కుకున్నచోట రక్తం ఆడదు, పడక పుండ్లు ఇంకా పెరుగుతాయి. ర్యాంపు కొలత సులువే: అరడుగు మెట్టుకు ఆరడుగుల ర్యాంపు. స్థలం లేదని నిటారుగా కట్టించింది పిల్లలు జారడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అపోహ: చూపు తగ్గితే భూతద్దమే గతి

స్టీలు కంచంలో తెల్లన్నం కనబడనివాళ్ళకు ముదురు రంగు పళ్ళెం ఇచ్చి చూడండి. మెట్ల అంచున పసుపు టేపు అతికించండి. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, అది ఉచితం.

అపోహ: వైకల్యానికిచ్చే సదరం సర్టిఫికెట్ లేకపోతే ఏదీ దొరకదు

కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకంలో సాధనం తీసుకోవాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి, ఆదాయ పరిమితి కూడా ఉంది. కానీ 60 దాటిన పేద వృద్ధుల కోసం 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన వేరు, దానికి ఆ ధ్రువపత్రం అక్కర్లేదు. అందులో చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు ఇస్తారు. కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసినవి ఈ క్యాంపులకు వస్తుంటాయి. క్యాంపులో కర్ర చేతికిచ్చారని అలాగే ఇంటికి తెచ్చేసుకోకండి. ఎత్తు అక్కడే సరిచేయించుకోండి, పది అడుగులు నడిచి చూపించి, పిడి మణికట్టు దగ్గరికి వచ్చిందో లేదో చూడమని అడగండి.