సౌండ్ పెంచితే తగ్గుతోంది: స్టీరింగ్ బటన్ల వెనక రెండు వైర్ల లెక్క

కావలి నుంచి ఒకాయన అడిగాడు. రొయ్యల చెరువుల కాడికి రోజూ తిరిగే కారు, తొమ్మిదేళ్ల పాతది. స్టీరింగ్ మీద ఎడమ పక్క నాలుగు ఆడియో బటన్లు. ఈమధ్య సౌండ్ పెంచే బటన్ నొక్కితే సౌండ్ తగ్గతా ఉంది, తగ్గించే బటన్ నొక్కితే పాట మారిపోతా ఉంది, కానీ పాట మార్చే బటన్, మోడ్ బటన్ మాత్రం ఎప్పట్లాగే పనిచేస్తున్నాయి. షెడ్డులో చూపిస్తే బటన్ల సెట్టు మొత్తం మార్చాలన్నారంట, ఇంట్లో పెద్దావిడేమో దిష్టి తగిలింది, గుమ్మడికాయ కొట్టమన్నదంట. "నాలుగిట్లో రెండే ఎందుకు చెడ్డాయి సార్, అవి కూడా ఒక లెక్క ప్రకారం తప్పు చేస్తున్నాయేంది" అని రాశాడు.

ఆ చివరి మాట బంగారం. తప్పులో ఒక వరస కనిపించిందంటే దాని వెనక కారణం దొరికినట్టే.

ముందు అసలు ఈ బటన్లు స్టీరింగ్ మీద ఎందుకున్నాయో రెండు ముక్కలు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది, రెండు సెకన్లు చూపు స్టీరియో వైపు తిప్పితే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే, మన 16వ నంబరు హైవే మీద ఆ 44 మీటర్లలో ఎదురొచ్చే బైకు ఉంటుంది, వెనక లైటు లేని ట్రాక్టరు ఉంటుంది, గేదె ఉంటుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే లెక్క ఉంది: కారులో ఏ పరికరమైనా ఒకసారి చూపు తిప్పితే 2 సెకన్లలోపు, పని మొత్తానికి కలిపి 12 సెకన్లలోపు అయిపోవాలని. స్టీరింగ్ మీద బటన్ ఉంటే ఆ చూపు అసలు తిప్పక్కర్లేదు, బొటనవేలికే దారి తెలుసు.

వేలు తడిమి గుర్తుపట్టడం అనేది చిన్న విషయం కాదు. రెండో ప్రపంచ యుద్ధం టైములో బీ-17 బాంబర్లు సురక్షితంగా దిగాక కొందరు పైలట్లు రెక్కల ఫ్లాపులు మూయబోయి చక్రాలు ముడిచేసేవాళ్లు, విమానం పొట్ట మీద కూలబడేది. అల్ఫోన్స్ చాపానిస్ అనే సైకాలజిస్టు చూస్తే రెండు స్విచ్చులూ పక్కపక్కనే, ఒకే రకంగా ఉన్నాయి. చక్రాల దానికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల దానికి రెక్క ముక్కలాంటి కొస తగిలించమన్నాడు. ఈరోజుకీ విమానాల్లో ఆ లీవర్ల ఆకారాలు అట్టాగే ఉంటాయి. మీ కారు బటన్ మీద బుడిపె, గాడి తగిలితే అవి అందానికి పెట్టినవి కాదు, దాని కోసమే పెట్టినవి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికొస్తా. స్టీరింగ్ గుండ్రంగా తిరుగుతుంది, కారు మాత్రం తిరగదు. మరి తిరిగే బటన్ నుంచి తిరగని స్టీరియోకి వైరు ఎట్టా పోతుంది? స్టీరింగ్ వెనక క్లాక్ స్ప్రింగ్ అని ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, లోపల పల్చటి రిబ్బన్ కేబుల్ చుట్టలు చుట్టి ఉంటుంది, స్టీరింగ్ అటు తిప్పితే బిగుస్తుంది, ఇటు తిప్పితే వదులవుతుంది. ఎయిర్‌బ్యాగ్, హారన్, బటన్లు అన్నీ అందులోంచే పోవాలి. కాబట్టి బటన్‌కొక వైరు లాగితే రిబ్బన్ లావెక్కిపోద్ది. అందుకే పాత కార్లలో చాలా వాటికి నాలుగు బటన్లకైనా ఆరు బటన్లకైనా రెండే వైర్లు పెట్టారు. రెండు వైర్లతో ఏ బటన్ నొక్కామో ఎట్టా తెలుస్తుంది?

ఒంగోలు బస్టాండు నుంచి నెల్లూరు పోయే బస్సు అనుకోండి. డిపోలో కూచున్న గుమాస్తాకి ప్రయాణికుడు కనపడడు, టికెట్ మీద ఊరి పేరుండదు, కట్టిన డబ్బు ఒక్కటే కనపడుద్ది. లెక్క కోసం సూరారెడ్డిపాలేనికి 15 రూపాయలు, టంగుటూరుకి 25, సింగరాయకొండకి 40, నెల్లూరుకి 150 అనుకుందాం. 40 కనిపిస్తే సింగరాయకొండలో దిగాడని గుమాస్తా రాసుకుంటాడు. స్టీరింగ్ లోపల బటన్లు ఇట్టా స్టేజీల్లాగే వరసగా ఉంటాయి, ఒక్కో స్టేజీకి మధ్య ఒక రెసిస్టర్, అంటే కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క, ఆ అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు. మొదటి బటన్ నొక్కితే కరెంటు ఏ రెసిస్టర్ దాటకుండా వెనక్కి తిరుగుద్ది, రెండోది నొక్కితే ఒకటి దాటి, నాలుగోది నొక్కితే మూడూ దాటి. స్టీరియోకి కనపడేది మొత్తం ఛార్జీ ఒక్కటే, అంటే వోల్టేజీ.

కాస్త లెక్కలోకి దిగుదాం, ఓపిక పట్టండి, మజా ఇందులోనే ఉంది. స్టీరియో లోపల 5 వోల్టుల నుంచి 1000 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఆ వైరుకి కరెంటు వస్తుందనుకోండి. బటన్ల మధ్య రెసిస్టర్లు 300, 700, 2000 ఓమ్‌లు. (కంపెనీని బట్టి విలువలు మారతాయి, పద్ధతి మారదు.) అప్పుడు మొదటి బటన్‌కి మొత్తం 0 ఓమ్‌లు, వోల్టేజీ 0. రెండోదానికి 300 ఓమ్‌లు, 1.15 వోల్టులు. మూడోదానికి 1000, 2.5 వోల్టులు. నాలుగోదానికి 3000, 3.75 వోల్టులు. ఏదీ నొక్కకపోతే 5. చూశారా, ఓమ్‌లు 300, 700, 2000 అని ఎగబాకుతున్నా వోల్టేజీ మాత్రం ఇంచుమించు ఒకటింబావు చొప్పున సమానంగా పెరిగింది. రెసిస్టర్లని అట్టా పెంచుకుంటా పోయింది అందుకే: ముందు పెట్టిన 300 ఓమ్‌లు వోల్టేజీని 1.15 కదిలిస్తే, అవే 300 చివర్లో 3000 పక్కన చేరిస్తే 3.75 కాస్తా 3.84 అవుతుంది, అంతే.

ఇక్కడే కావలి ఆయన కారు జబ్బు దొరికింది. బటన్ల నుంచి స్టీరియో దాకా పోయే ఉమ్మడి దారిలో ఎక్కడో ఒకచోట చిలుము పట్టి 300 ఓమ్‌లు అదనంగా చేరాయనుకోండి. మొదటి బటన్ సౌండ్ పెంచేది అయితే 0 కాస్తా 300 అయింది, అంటే 1.15 వోల్టులు, అచ్చంగా సౌండ్ తగ్గించే బటన్ విలువ. రెండోది 600 అయింది, 1.88 వోల్టులు. స్టీరియో పక్కపక్క బటన్ల విలువలకి నడిమధ్య హద్దు గీత గీసుకుంటుందనుకుంటే, రెండుకీ మూడుకీ మధ్య ఆ గీత 1.83 కాడ ఉంటుంది కాబట్టి స్టీరియో దాన్ని మూడో బటన్ అనుకుని పాట మార్చేసింది. మూడోది 1300, 2.83 వోల్టులు, తర్వాతి గీత 3.13 కాడ కదా, దాటలేదు. నాలుగోది 3.84, దాని గీత 4.38, అది అసలు చలించలేదు. రెండు చెడ్డాయి, రెండు బాగున్నాయి, కారణం మాత్రం ఒక్కటే!

బస్సులో చూసినా ఇంతే. ప్రతి టికెట్ మీద 10 రూపాయల సెస్సు వేసి ఆ సంగతి గుమాస్తాకి చెప్పలేదనుకోండి. సూరారెడ్డిపాలెం వాడు 25 కట్టాడు, టంగుటూరు లెక్కలో పడ్డాడు. టంగుటూరు వాడు 35 కట్టాడు, దగ్గర్లో ఉన్నది 40, సింగరాయకొండలో పడ్డాడు. సింగరాయకొండ వాడు 50 కట్టినా దగ్గర్లో ఇంకో ఊరు లేదు, నెల్లూరు వాడు 160 కట్టినా నెల్లూరే. దగ్గరి ఊళ్లే తికమక అవుతాయి, దూరం ఊళ్లు కావు.

దీన్నిబట్టే జబ్బు ఎక్కడుందో కారు విప్పకుండా చెప్పొచ్చు. వరసలో మొదటిది కాని ఒక్క బటనే తప్పుగా పలుకుతుంటే దుమ్మో చెమటో ఆ బటన్ కిందే ఉండొచ్చు. వరసగా ముందున్నవి పక్క స్టేజీకి జారిపోయి వెనకవి బాగుంటే తప్పు బటన్లది కాదు, ఉమ్మడి దారిది. ఆయన చేత బటన్ల సెట్టు కొనిపించినా ఫలితం ఉండేది కాదు. దిష్టి సంగతంటారా, పెద్దావిడ మనసు కుదుటపడుతుందంటే గుమ్మడికాయ కొట్టించండి, కానీ దాంతో సరిపోయిందని అట్టాగే హైవే ఎక్కొద్దు, ఎందుకంటే నొక్కింది ఒకటి జరిగింది ఇంకోటి అయినప్పుడు ఎవరికైనా కళ్లు వెంటనే స్టీరింగ్ మీదకి దిగుతాయి. బటన్ లేకపోవడం కంటే అబద్ధం చెప్పే బటన్ ప్రమాదం.

నా బాధ ఇంకోటుంది. నెల్లూరులో, ఒంగోల్లో ఇంటర్ పిల్లలు సిరీస్, ప్యారలల్ లెక్కలు నిమిషంలో చేసేస్తారు, వాళ్లలో చాలామంది రెసిస్టర్‌ని చేత్తో పట్టుకుని ఉండరు. ఆటోనగర్‌లో తుక్కు కింద పోయే స్టీరింగ్ స్విచ్ ఒకటి తెచ్చి క్లాసులో విప్పండి. పచ్చటి బోర్డు మీద రెండు మిల్లీమీటర్ల నల్ల ముక్కలు, వాటి మీద 301, 701, 202 లాంటి అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు విలువ, మూడోది పక్కన పెట్టాల్సిన సున్నాల లెక్క: 301 అంటే 30 పక్కన ఒక సున్నా, 300 ఓమ్‌లు. రబ్బరు బటన్ కింద నల్లటి కార్బన్ బిళ్ల ఉంటుంది. దాన్ని మెల్లగా నొక్కితే మీటర్ ఎక్కువ ఓమ్‌లు చూపిస్తుంది, గట్టిగా నొక్కితే తక్కువ. కొన్ని పాత కార్లలో సుతారంగా నొక్కితే ఒకటి, గట్టిగా నొక్కితే ఇంకోటి జరిగేది అందుకే. రెండు బటన్లు ఒకేసారి నొక్కితే ముందు స్టేజీదే చెల్లుతుంది, కరెంటు అక్కడే వెనక్కి తిరిగిపోద్ది కాబట్టి. నొక్కిన మొదటి కొన్ని మిల్లీసెకన్లు ఆ కాంటాక్టు అతుక్కుంటా విడిపోతా ఉంటుంది, వోల్టేజీ పక్క బటన్ల హద్దుల్లోంచి ఊగుతా పోతుంది, అందుకే స్టీరియో వెంటనే నమ్మదు, వరసగా కొన్నిసార్లు చదివి ఒకే విలువ నిలబడితేనే ఒప్పుకుంటుంది. పదిహేనేళ్ల పిల్లలకి దీనికంటే మంచి ప్రాక్టికల్ ఉందా?

మరి ఆ 300 ఓమ్‌లు ఎక్కడినుంచి వచ్చాయి? కనెక్టర్ పిన్నులకి చాలా వరకు తగరం పూత ఉంటుంది. గతుకుల్లో ఆ పిన్నులు కంటికి కనపడనంత కదులుతా ఉంటాయి, కదిలినప్పుడల్లా పూత గీసుకుపోయి కొత్త తగరం బయటపడుతుంది, గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది, అట్టా పొర మీద పొర. సముద్రం పక్కన, చెరువుల పక్కన ఉప్పు తేమ తోడైతే ఇంకా తొందర. "హారన్ కూడా అదే కనెక్టర్‌లోంచి పోతుంది కదా, అది మోగుతోందే" అంటారు. హారన్ దారిలో కరెంటు ఎక్కువ, పల్చటి పొరని చీల్చుకుని పోతుంది. బటన్ల దారిలో మన లెక్క ప్రకారం మహా అయితే 5 మిల్లీయాంపులు, పొరని చీల్చే సత్తువ దానికి లేదు.

కొత్త కార్లలో ఈ తంటా చాలావరకు పోయింది. స్టీరింగ్‌లోనే చిన్న చిప్ కూచుని ఏ బటనో అంకెల కోడ్‌గా మార్చి లిన్ అనే ఒంటి వైరు మీద సెకనుకి 20,000 బిట్ల దాకా వేగంతో పంపుతుంది, టికెట్ మీద ఊరి పేరు అచ్చేసినట్టు. పనిచేస్తే సరిగ్గా పనిచేస్తుంది, లేకపోతే అసలు చెయ్యదు. కానీ కొందరు బటన్లే తీసేసి తాకితే పనిచేసే నున్నటి పలకలు పెట్టారు, మలుపు తిప్పేటప్పుడు అరచెయ్యి తగిలితే చాలు సౌండ్ ఎగిరిపడేది. వోక్స్‌వ్యాగన్ 2022లో స్టీరింగ్ మీద మళ్ళీ మామూలు బటన్లు తెస్తామని చెప్పింది, మంచి పని. మనకి ఇంకో చిక్కుంది. డ్రైవర్ ఎడమ పక్క కూచునే దేశాల్లో గేరు కుడిచేత్తో, ఆడియో బటన్లున్న ఎడమచెయ్యి స్టీరింగ్ మీదే ఉంటుంది. మన మాన్యువల్ కార్లలో గేరుకి పోయేదీ ఎడమచెయ్యే, బటన్లకీ అదే, ట్రంక్ రోడ్డు రద్దీలో దానికి ఊపిరాడదు. మన కార్లకి ఆడియో కుడి పక్కకి మారిస్తే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం.

ఇక కావలి ఆయన చెయ్యాల్సింది. కారు ఆపి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా తిప్పుతా సౌండ్ బటన్ నొక్కి చూడండి. తిప్పే కొద్దీ ప్రవర్తన మారితే క్లాక్ స్ప్రింగ్ రిబ్బన్ పాడైనట్టు, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగితే ఇక సందేహం వద్దు, మార్పించండి. మారకపోతే కనెక్టర్లే. ఎయిర్‌బ్యాగ్ మీరు విప్పొద్దు, బ్యాటరీ తీసి కాసేపు ఆగి చేసే తెలిసిన మెకానిక్ చెయ్యాలి. బయట కొన్న స్టీరియో అయితే చాలావాటిలో సెట్టింగ్స్‌లో బటన్లు మళ్ళీ నేర్పించే సదుపాయం ఉంటుంది, దాంతో ఈరోజుకి సరిపోద్ది, కానీ చిలుము పెరిగి 300 కాస్తా 800 అయితే మళ్ళీ అదే గోల. స్టీరియో వెనక ప్లగ్ తీసి మొదటి బటన్ నొక్కి అక్కడ ఓమ్‌లు కొలవమనండి, తర్వాత స్విచ్ కాడ కొలవమనండి, ఆ రెండిటి తేడానే దారిలోని చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి రెండు మూడుసార్లు ప్లగ్గు పెట్టి తీస్తే తేడా కొన్ని ఓమ్‌లకి దిగాలి, దిగితే బటన్ల సెట్టు డబ్బులు మిగిలినట్టే.