క్లీవ్‌లాండ్‌లో క్వార్టర్‌బ్యాక్ నిలవడు, ఫ్యాన్ కదలడు: బ్రౌన్స్ గొడవ వెనక ఉన్న పాత కథ

2024 అక్టోబర్ 20న అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో, ఆ ఊరి టీమ్ బ్రౌన్స్‌కీ సిన్సినాటి టీమ్ బెంగాల్స్‌కీ మ్యాచ్ జరుగుతోంది. హాఫ్ టైమ్‌కి కాస్త ముందు బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ డిషాన్ వాట్సన్ బాల్ పట్టుకుని రెండడుగులు వేసి, ఎవరూ గట్టిగా తగలకుండానే కూలబడిపోయాడు. కుడికాలి అకిలీస్, అంటే మడమ వెనకుండే స్నాయువు, తెగిపోయింది. సొంత గ్రౌండు, సొంత జనం, అయినా స్టాండ్స్‌లో కొంతమంది చప్పట్లు కొట్టారు, కొంతమంది బూ అన్నారు. మ్యాచ్ అయ్యాక బ్రౌన్స్ డిఫెన్స్ స్టార్ మైల్స్ గారెట్, తర్వాత వాట్సన్ ప్లేస్‌లో ఆడిన జేమిస్ విన్‌స్టన్ ఇద్దరూ ఫ్యాన్స్ మీద మొహమాటం లేకుండా విరుచుకుపడ్డారు. అప్పట్నుంచి ఒకటే రచ్చ, వీళ్ళు నిజమైన ఫ్యాన్సేనా అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు ఈ టీమ్ పాతికేళ్ళ చరిత్ర ఒకసారి తిరగేయాలి, లేకపోతే ఆ చప్పట్లు ఎక్కడ్నుంచి వచ్చాయో అర్థం కాదు.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే సాకర్ కాబట్టి రెండు ముక్కలు చెప్పేస్తా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ఆటలో మొదట బాల్ చేతికొచ్చేవాడు. ఎవరికి విసరాలో, అసలు విసరాలో పరిగెత్తాలో మూడు సెకన్లలో తేల్చుకోవాలి, ఈలోపు ఎదుటివాళ్ళు నూట ముప్పై కిలోల మనుషులు మీదకొస్తుంటారు. వాళ్ళని ఆపడానికి ముందు ఐదుగురు ఉంటారు, అదే అఫెన్సివ్ లైన్. ఆ గోడ బాగోకపోతే వెనకున్నవాడు ఎంత గొప్పోడైనా దండగే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, సగం కథ ఇదే.

బ్రౌన్స్‌కి మొదట్నుంచీ ఈ క్వార్టర్‌బ్యాక్ నిలవని శాపం ఏం లేదు. 1946లో టీమ్ మొదలైంది, మొదటి కోచ్ పాల్ బ్రౌన్, ఆయన పేరే టీమ్ పేరు. ఆయన దగ్గర ఓటో గ్రాహమ్ అనే క్వార్టర్‌బ్యాక్ పదేళ్ళు ఆడితే పదేళ్ళూ ఫైనలే, అందులో ఏడు టైటిళ్ళు. తర్వాత బ్రయన్ సైప్ అనే కుర్రాడు 1972 డ్రాఫ్ట్‌లో పదమూడో రౌండ్‌లో వచ్చాడు, అంటే ఎవరూ పట్టించుకోని చోట. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు రౌండ్ల వారీగా వంతులేసుకుని ఎంచుకోవడం, ఒక్కో వంతునీ పిక్ అంటారు. ఓపిగ్గా కూర్చుని, నేర్చుకుని, 1980లో లీగ్ మొత్తానికీ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, అయ్యాడు. అంటే ఈ ఊళ్ళో కూడా ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ని తయారుచేసేవాళ్ళు. 1985లో పక్కనే బోర్డ్‌మన్ కుర్రాడు బర్నీ కోజార్ కావాలనే దారి చూసుకుని మరీ సొంత రాష్ట్రం టీమ్‌కి వచ్చాడు. ఆ రోజుల్లోనే స్టేడియం ఒక చివర బెంచీల మీద కూర్చునే జనానికి డాగ్ పౌండ్ అని పేరొచ్చింది. కుక్క మాస్కులు, మొరగడాలు, గ్రౌండ్‌లోకి బిస్కెట్లు విసరడాలు. 1989లో డెన్వర్‌తో మ్యాచ్‌లో ఆ చివర్నించి బిస్కెట్లతో పాటు బ్యాటరీలూ గుడ్లూ వచ్చిపడుతుంటే రిఫరీ విసిగిపోయి నాలుగో క్వార్టర్‌లో టీమ్‌ల వైపులు మార్చేశాడు. క్లీవ్‌లాండ్ అంటే త్యాగరాజ ఆరాధన మాత్రమే గుర్తొచ్చే మన సంగీతం వాళ్ళకి ఇది కొంచెం షాకే.

1993లో కోచ్ బిల్ బెలిచిక్ ఈ కోజార్‌ని సీజన్ మధ్యలో, టీమ్ 5-3తో, అంటే ఐదు గెలిచి మూడు ఓడి, బానే ఉండగా తీసేశాడు. ఆట తగ్గిపోయిందని ఆయన చెప్పిన కారణం. ఊరు భగ్గుమంది. కోజార్ డాలస్ వెళ్ళి అదే సీజన్‌లో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిన ఉంగరం తెచ్చుకున్నాడు, పుండు మీద కారం అన్నమాట.

అసలు దెబ్బ 1995 నవంబర్ 6. ఓనర్ ఆర్ట్ మోడెల్ బాల్టిమోర్ వెళ్ళి స్టేజ్ ఎక్కి టీమ్‌ని ఇక్కడికి తెచ్చేస్తున్నా అని ప్రకటించాడు. ఆ మర్నాడే క్లీవ్‌లాండ్ ఓటర్లు స్టేడియం బాగుచేయడానికి పన్ను కడతాం అని ఓటేశారు, అంటే వెళ్ళిపోతున్నాడని తెలిసి కూడా. డిసెంబర్ 17న పాత స్టేడియంలో ఆఖరి మ్యాచ్, బెంగాల్స్ మీద గెలిచారు, జనం ఏడుస్తూ కుర్చీలూ బెంచీలూ పీక్కుని ఇంటికి పట్టుకెళ్ళారు, ప్లేయర్లు డాగ్ పౌండ్ దగ్గరికెళ్ళి కౌగిలించుకున్నారు. తర్వాత ఊరు కోర్టులో కొట్లాడితే ఒక ఒప్పందం కుదిరింది: ప్లేయర్లూ స్టాఫూ బాల్టిమోర్‌కి, పేరూ రంగులూ రికార్డులూ క్లీవ్‌లాండ్‌కి. హైదరాబాద్ వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది, మన డెక్కన్ ఛార్జర్స్‌ని 2012లో రద్దు చేసినప్పుడు 2009 కప్పు కూడా వాళ్ళతోనే పోయింది, సన్‌రైజర్స్ ఖాతాలోకి రాలేదు. క్లీవ్‌లాండ్ వాళ్ళు కనీసం పేరు ఆపుకున్నారు.

కానీ ఆపుకున్నది పేరే. పని తెలిసినవాళ్ళంతా వెళ్ళిపోయారు. బ్రౌన్స్‌లో ఆడిన ఓజీ న్యూసమే బాల్టిమోర్‌లో కూర్చుని 1996 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో జోనథన్ ఆగ్డెన్, రే లూయిస్ ఇద్దర్నీ పట్టాడు, ఆ టీమ్ 2001 జనవరిలో సూపర్ బౌల్ కొట్టింది. ఇటు క్లీవ్‌లాండ్‌కి 1999లో కొత్త టీమ్ వచ్చింది, పేరు పాతదే, లోపల సున్నా. కొత్త ఓనర్ అల్ లెర్నర్ 53 కోట్ల డాలర్లు పెట్టి కొన్నాడు. చేతిలో మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఉంది, దాంతో కెంటకీ కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్ టిమ్ కౌచ్‌ని తీసుకున్నారు.

కౌచ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన అందరి రాతా ఇతనిలోనే ఉంది. ముందు అనుకున్నది ఏడాది బెంచ్ మీద కూర్చోబెట్టి నేర్పిద్దామని. మొదటి మ్యాచ్ 43-0తో పోయేసరికి ఆ ప్లాన్ గాలికి పోయింది, రెండో మ్యాచ్‌కే దింపేశారు. లైన్ లేదు, పరిగెత్తేవాడు లేడు, ఆ ఒక్క సీజన్‌లో 56 సార్లు అతన్ని నేలకేసి కొట్టారు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. రెండేళ్ళకి కోచ్ పోయాడు, కొత్త కోచ్ కొత్త ప్లేబుక్ తెచ్చాడు. ప్లేబుక్ అంటే చిన్న పుస్తకం కాదు, ప్రతి ఆటకీ పేరు, అందులో ఎవడు ఎటు వెళ్తాడు అన్నదంతా నోటికి రావాలి, భాషే మారిపోతుంది. ఆర్నెల్లకో మాస్టారు మారే స్కూల్లో పిల్లాడికి ఎక్కాలు వస్తాయా.

2002 అక్టోబర్‌లో రేవెన్స్‌తో మ్యాచ్, అదీ ఆ బాల్టిమోర్ వాళ్ళతోనే. కౌచ్ తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్తుంటే సొంత జనం చప్పట్లు కొట్టారు, బ్యాకప్ కెల్లీ హాల్కమ్ వస్తున్నాడని సంబరం. మ్యాచ్ తర్వాత కౌచ్ మీడియా ముందు ఏడ్చేశాడు. అదే సీజన్ ఆఖర్లో బ్రౌన్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, పాపం అతనికి ఆఖరి లీగ్ మ్యాచ్‌లో కాలు విరిగింది. 2004కి వదిలేశారు. ఇప్పటికీ అందరూ అతన్ని డ్రాఫ్ట్ చరిత్రలో పెద్ద ఫెయిల్యూర్ల లిస్టులో వేస్తారు. నన్నడిగితే అతను ఫెయిల్ కాలేదు, అతన్ని నిలబెట్టాల్సినవాళ్ళు ఫెయిలయ్యారు.

2024లో వాట్సన్‌కి కొట్టిన చప్పట్లు కొత్తవి కావు అని ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఇరవై రెండేళ్ళ కిందటే కొట్టారు, అదీ ఏ మచ్చా లేని కుర్రాడికి.

ఆ తర్వాతంతా ఎక్కే గడప దిగే గడప. ఊళ్ళో ఎవరో కౌచ్ జెర్సీ ఒకటి తీసుకుని, వీపు మీద అతని పేరు కింద టేపు ముక్కల మీద ఒక్కో కొత్త క్వార్టర్‌బ్యాక్ పేరూ రాసి, పాత పేరు కొట్టేస్తూ, డౌన్‌టౌన్‌లో ఒక ఆఫీసు కిటికీలో వేలాడదీశారు. పేర్లు ఇరవై దాటి జెర్సీ కిందిదాకా వచ్చేశాక 2016లో ఇక చాలని తీసేశారు. ఇప్పుడు లెక్క వేస్తే 1999 నుంచి స్టార్ట్ చేసిన, అంటే మ్యాచ్ మొదట్నుంచే దిగిన, క్వార్టర్‌బ్యాక్‌లు నలభై మంది దాటారు. 2004లో ఒహైయోలోనే పుట్టి ఒహైయోలోనే కాలేజీ ఆడిన క్వార్టర్‌బ్యాక్ బెన్ రాత్లిస్‌బర్గర్‌ని వదిలేసి ఆరో పిక్‌తో ఒక టైట్ ఎండ్‌ని, అంటే లైన్ పక్కన నిలబడి బాల్ పట్టేవాణ్ణి, తీసుకున్నారు. పదకొండో పిక్‌లో అతన్ని పిట్స్‌బర్గ్ ఎగరేసుకుపోయింది, పక్కా శత్రువులు, పద్దెనిమిదేళ్ళు ఏడాదికి రెండుసార్లు ఎదురుపడి కొడుతూనే ఉన్నాడు. పిట్స్‌బర్గ్‌లో 1969 నుంచి 2025 దాకా హెడ్ కోచ్‌లు ముగ్గురే. బ్రౌన్స్‌కి 1999 నుంచి 2019 లోపలే తొమ్మిది మంది, మధ్యలో వారాల లెక్కన కూర్చున్నవాళ్ళని వదిలేస్తే. తేడా అక్కడుంది, క్వార్టర్‌బ్యాక్ భుజంలో లేదు.

ఒక విచిత్రం చెప్పాలి. 2007లో బ్రేడీ క్విన్, 2012లో బ్రాండన్ వీడెన్, 2014లో జానీ మాంజీల్, ముగ్గుర్నీ తీసుకుంది 22వ పిక్‌తోనే. ఆ నంబర్ వాళ్ళకి అచ్చిరాలేదు. వీడెన్ అంతకుముందు బేస్‌బాల్ మైనర్ లీగుల్లో తిరిగొచ్చిన మనిషి, డ్రాఫ్ట్ అయ్యేసరికే 28 ఏళ్ళు. మొదటి మ్యాచ్‌కి ముందు గ్రౌండ్ అంతా పరిచే పెద్ద అమెరికా జెండా కింద ఇరుక్కుపోయి వంగి వంగి బయటికొచ్చాడు, ఆ తర్వాత మ్యాచ్‌లో నాలుగు ఇంటర్‌సెప్షన్లు, అంటే విసిరిన బాల్ నాలుగుసార్లు ఎదుటివాళ్ళ చేతికి. నవ్వాలో ఏడవాలో తెలీదు. మాంజీల్ది మూడునాళ్ళ ముచ్చట, రెండేళ్ళలో ఎనిమిది స్టార్ట్‌లు, బయట గొడవలు, 2016లో సాగనంపారు.

2016లో రెండో పిక్ చేతిలో ఉంటే కార్సన్ వెంట్జ్ అనే క్వార్టర్‌బ్యాక్ వద్దని ఆ పిక్‌ని ఫిలడెల్ఫియాకి అమ్ముకున్నారు. 2017లో పన్నెండో పిక్ హ్యూస్టన్‌కి అమ్ముకున్నారు, ఆ పిక్‌తో హ్యూస్టన్ తీసుకుంది ఎవర్ననుకున్నారు, ఈ డిషాన్ వాట్సన్‌నే. ఆ ఏడాది బ్రౌన్స్ రెండో రౌండ్‌లో తెచ్చిన డిషోన్ కైజర్ అనే 21 ఏళ్ళ కుర్రాడిని ఏ తయారీ లేకుండా దింపితే స్టార్ట్ చేసిన 15 మ్యాచ్‌లూ ఓడాడు, టీమ్ 0-16. కోచ్ హ్యూ జాక్సన్ రెండేళ్ళలో 1-31.

ఇక్కడే ఫ్యాన్స్ కథ. 2018 జనవరి 6, ఎముకలు కొరికే చలిలో వేలమంది స్టేడియం చుట్టూ ర్యాలీ తీశారు, పేరు పర్ఫెక్ట్ సీజన్ పరేడ్. పెద్ద సున్నా ఆకారం వచ్చేలా గుండ్రంగా నడిచారు, శవపేటికలు మోశారు, అట్టముక్కల మీద తిట్లు రాసుకొచ్చారు, గ్రేటర్ క్లీవ్‌లాండ్ ఫుడ్ బ్యాంక్‌కి చందా కూడా పోగేశారు. కొందరు ప్లేయర్లకి మండింది, పరువు తీస్తున్నారని. నాకైతే అంతకంటే నిజమైన ఫ్యాన్స్ కనపడలేదు. టీమ్‌ని పట్టించుకోనివాడు ఆ చలిలో బయటికే రాడు కదా.

ఆ ఏడాదే మొదటి పిక్‌తో బేకర్ మేఫీల్డ్. సెప్టెంబర్ 20న జెట్స్ మీద మ్యాచ్ మధ్యలో దిగి 14-0 వెనకబడ్డ ఆట 21-17తో గెలిపించాడు, 635 రోజుల తర్వాత మొదటి విజయం. గెలిస్తే తెరుచుకునేలా ఒక బీర్ కంపెనీ ఊళ్ళో తాళాలు వేసి పెట్టిన ఫ్రిజ్‌లు ఆ రాత్రే తెరుచుకున్నాయి. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్ వెళ్ళి 48-37తో ప్లేఆఫ్ మ్యాచ్ కొట్టారు, 1994 సీజన్ తర్వాత అదే మొదటిది. హమ్మయ్య దొరికాడు అనుకున్నారు. మరుసటి సీజన్ భుజం దెబ్బతో ఆడి తేలిపోయాడు, అంతే, ఓపిక అయిపోయింది. 2022 జులైలో పంపేశారు. రెండేళ్ళు తిరక్కుండానే టాంపాలో ప్లేఆఫ్స్ ఆడుతూ కనిపించాడు.

అతని బదులు తెచ్చిందే వాట్సన్‌ని. మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, అదనంగా ఇంకొన్ని, ఐదేళ్ళకి 23 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ. అప్పటికి ఇరవై మందికి పైగా మహిళలు మసాజ్ సెషన్లలో అసభ్యంగా ప్రవర్తించాడని సివిల్ కేసులు వేసున్నారు. టెక్సస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు క్రిమినల్ కేసు పెట్టక్కర్లేదన్నాయి, అతను తప్పేం చేయలేదన్నాడు, ఎక్కువ కేసులు సెటిల్ అయ్యాయి, లీగ్ మాత్రం 11 మ్యాచ్‌ల సస్పెన్షన్, 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. క్లీవ్‌లాండ్‌లో చాలామంది సీజన్ టికెట్లు వదులుకున్నారు, లైంగిక హింస బాధితులకి సాయం చేసే స్థానిక సంస్థకి విరాళాలు వెల్లువెత్తాయి. నలభై ఏళ్ళు చూసి ఇక చూడను అని టీవీ కట్టేసినవాడిని ఫ్యాన్ కాదనే హక్కు ఎవరికుందో నాకు తెలీదు. మరోపక్క టీమ్ ఏం చేసినా జెర్సీ వేసుకుని కూర్చునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళనీ తప్పు పట్టలేం. కానీ మూడేళ్ళలో 19 మ్యాచ్‌లే ఆడాడన్న కోపం, ఆ కేసుల అసహ్యం, పాతికేళ్ళ విసుగు అన్నీ కలిసి కాలు తెగి పడున్న మనిషి మీద చప్పట్లుగా దిగితే అది మాత్రం అభిమానం కాదు. ఓనర్ జిమ్మీ హాస్లమ్ సంతకం పెట్టిన కాగితం మీద కోపం ప్లేయర్ అకిలీస్ మీద తీర్చుకోవడం అది. బూ అనండి, ఆట బాగోలేకపోతే గొంతు పోయేలా అనండి, టికెట్ కొన్నవాడికి ఆ హక్కుంది. తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ మాత్రం పాపమంతా ఓనర్ బాక్స్‌ది, పిడికెడూ వచ్చి పడేది ఆ ఒక్క కుర్రాడి నెత్తి మీద.

2025 డ్రాఫ్ట్‌లో ఒకేసారి ఇద్దర్ని తెచ్చారు, మూడో రౌండ్‌లో డిలన్ గేబ్రియల్, ఐదో రౌండ్‌లో షెడూర్ శాండర్స్. సీజన్ మొదలుపెట్టింది మాత్రం నలభై ఏళ్ళ జో ఫ్లాకో, అక్టోబర్‌లో అతని బదులు గేబ్రియల్‌ని దింపి, అతన్ని సొంత డివిజన్‌లోని, అంటే తమ గ్రూపులోనే ఉన్న, సిన్సినాటికే ఇచ్చేశారు, ఆ తర్వాత శాండర్స్. 2026 జనవరిలో కోచ్ కెవిన్ స్టెఫాన్‌స్కీని తీసేశారు, రెండుసార్లు కోచ్ ఆఫ్ ది ఇయర్ అయిన మనిషిని. అంటే కుర్రాళ్ళిద్దరికీ రెండో ఏడాదికే కొత్త ప్లేబుక్. ఈలోగా ఓనర్లకి బ్రూక్ పార్క్‌లో కొత్త స్టేడియం కావాలి, దానికి ఒహైయో ప్రభుత్వం 60 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఆ డబ్బు తీసేది జనం మర్చిపోయి వదిలేసిన బ్యాంకు ఖాతాల్లాంటి, ఎవరూ క్లెయిమ్ చేయని నిధుల్లోంచి.