కంప్యూటర్ కంపెనీల షేర్ల పోలిక: అపోహలు - వాస్తవాలు

డెల్, యాపిల్, హెచ్‌పీ, లెనోవోలలో ఏ షేరు మేలని అడిగే మదుపరులు చాలామంది తాము వాడిన ల్యాప్‌టాప్ అనుభవాన్నే ఆధారంగా చూపుతారు. షేరును విశ్లేషించే పనిలో ఉన్నవారు మాత్రం ఖర్చు, నాణ్యత, అభిమానం అనే మూడింటినీ ఆర్థిక నివేదికల్లోనే వెదకాలి.

అపోహ: తక్కువ ధరకు అమ్మే కంపెనీకే ఖర్చు తక్కువ.

వాస్తవం: అమ్మకం ధర వేరు, కంపెనీకి పడే ఖర్చు వేరు. 1990ల చివర్లో డెల్ వాడిన ఇంటెల్ ప్రాసెసర్లు, మైక్రోసాఫ్ట్ విండోస్ పోటీదారులందరికీ దొరికేవే. అయితే డెల్ ఆర్డరు అందాకే కంప్యూటర్‌ను బిగించి నేరుగా కొనుగోలుదారుకు పంపేది. విడిభాగాల సరఫరాదారులకు వారాల తరువాత చెల్లించేది. అందువల్ల అమ్మకాలు పెరిగేకొద్దీ వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో ఇరుక్కుపోయే సొమ్ము) భారం పెరగడానికి బదులు చేతిలో నగదు పెరిగేది. మెమరీ చిప్పుల ధరలు త్వరత్వరగా పడిపోయే ఆ రంగంలో, డీలర్ల ద్వారా అమ్మే కాంపాక్ వంటి కంపెనీల సరుకు గోదాముల్లో వారాల తరబడి ఉండి, అక్కడే విలువ కోల్పోయేది.

అందుకే నేను ముందుగా చూసేది మూడు అంకెలు: స్టాక్ ఎన్ని రోజులకు సరిపడా ఉంది, బాకీలు ఎన్ని రోజుల్లో వసూలవుతున్నాయి, సరఫరాదారులకు ఎన్ని రోజులకు చెల్లిస్తున్నారు. మొదటి రెండింటిని కూడి మూడోదాన్ని తీసివేస్తే డెల్‌కు మైనస్ సంఖ్య వచ్చేది, అంటే సరఫరాదారులకు చెల్లించకముందే కొనుగోలుదారుల డబ్బు చేతికొచ్చేది. ఈ ఆధిక్యం కూడా శాశ్వతంగా నిలవలేదు. పోటీదారులు తమ స్టాక్‌ను తగ్గించుకున్నారు, సాధారణ కొనుగోలుదారులు దుకాణంలో చూసి ల్యాప్‌టాప్ కొనడానికి అలవాటుపడ్డారు. 2006 ద్వితీయార్ధంలో ప్రపంచ పీసీ అమ్మకాల్లో హెచ్‌పీ డెల్‌ను దాటింది, మరుసటి ఏడాది డెల్ కూడా వాల్‌మార్ట్ దుకాణాల్లోకి వెళ్లింది.

అపోహ: వినియోగదారుల అభిమానం ఉన్న కంపెనీ షేరుకు ఢోకా ఉండదు.

వాస్తవం: 1997 ఆర్థిక సంవత్సరంలో యాపిల్ వంద కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినప్పుడు కూడా దాని మెకింతోష్ కంప్యూటర్ల అభిమానులు దాన్ని వదిలిపెట్టలేదు. అమిగా కంప్యూటర్‌ను ప్రాణంగా చూసుకున్నవారు ఉండగానే 1994లో దాని తయారీదారు కొమొడోర్ దివాలా తీసింది. పోటీదారు ధర తగ్గించినప్పుడు తాను తగ్గించకుండా అమ్మగలిగితేనే ఆ అభిమానం వాటాదారుకు అక్కరకొస్తుంది. అది గ్రాస్ మార్జిన్‌లో (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే శాతంలో) కనిపిస్తుంది. 2006 జనవరిలో యాపిల్ మార్కెట్ విలువ డెల్‌ను మించిపోయింది, అప్పటికి పీసీ అమ్మకాల్లో యాపిల్ వాటా చాలా స్వల్పం. ఇందులో యాపిల్ మ్యూజిక్ ప్లేయర్ ఐపాడ్ పాత్ర పెద్దదే గనుక, మొత్తం ఘనతను కంప్యూటర్లకే కట్టబెట్టడం కూడా సరికాదు.

అపోహ: రీకాల్ ప్రకటించిందంటే ఆ కంపెనీ సరుకు నాసిరకం.

వాస్తవం: 2006 ఆగస్టులో డెల్ సుమారు 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను, యాపిల్ సుమారు 18 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచాయి. రెండింటిలోనూ ఉన్నవి సోనీ తయారుచేసిన బ్యాటరీ సెల్స్. ఒకే సరఫరాదారుపై ఆధారపడిన పోటీ కంపెనీల నాణ్యతను రీకాల్ వార్తలతో బేరీజు వేయలేం. చాలా కంపెనీల వార్షిక నివేదిక నోట్స్‌లో వారంటీ కేటాయింపుల (వారంటీ మరమ్మతుల కోసం పక్కన పెట్టిన సొమ్ము) పట్టిక ఉంటుంది: ఆరంభ నిల్వ, ఏడాదిలో చేర్చిన మొత్తం, మరమ్మతులకు ఖర్చయినది, ముగింపు నిల్వ. ఖర్చయిన మొత్తాన్ని అమ్మకాలతో భాగించి నాలుగైదేళ్ల వరుసలో చూడండి. అమ్మకాలు నిలకడగా ఉండగా ఆ ఖర్చు ఏటా పెరుగుతూ, కొత్తగా చేర్చే మొత్తం మాత్రం పెరగకపోతే, ప్రస్తుత లాభాన్ని ఎక్కువ చేసి చూపుతున్నారేమోనని అనుమానించి, యాజమాన్యాన్ని ఆ తేడాకు కారణం అడగాలి.