ముందు తేదీ, తర్వాత జిగురు

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు పాంజర్ 4 బొమ్మ కిట్ కొన్నారని, అది 1/72 స్కేల్ (అసలులో 72వ వంతు) అని, పెట్టెలో ఫిరంగి గొట్టం పొట్టిది వచ్చిందని రాశారు. దాన్ని తీసేసి పొడుగు గొట్టం పెట్టొచ్చా, ఆ తర్వాత పక్కలకు రేకులు కూడా తగిలించొచ్చా అని అడిగారు. మొదటిదానికి పెట్టొచ్చనే నా జవాబు. రెండోదానికి మాత్రం మీ ట్యాంకు ఏ సంవత్సరంలో, ఎక్కడ తిరుగుతోందో తేల్చాకే జవాబు చెప్పగలను. మీరు ఇంకా జిగురు మూత తీయకపోతే మరీ మంచిది.

కిట్ తయారుచేసేవాళ్లు మనకిచ్చేది ఒక రకం ట్యాంకును మాత్రమే. ఫలానా నెలలో ఫలానా చోట నిలబడ్డ ఫలానా ట్యాంకుగా దాన్ని మార్చుకోవడం మన పని. జర్మన్లు పాంజర్ 4ని యుద్ధం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వాడారు. మొత్తం 8,500కి పైగా తయారయ్యాయి. అన్నేళ్లూ దాన్ని మారుస్తూనే ఉన్నారు: గొట్టం మారింది, ఉక్కు మందం పెరిగింది, ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) వెడల్పయింది, చివర్లో ట్రాక్‌ని పైన మోసే చిన్న రోలర్లు ఒక్కో పక్క నాలుగు నుంచి మూడుకి తగ్గాయి. ఒక ఏడాది ట్యాంకుకు ఇంకో ఏడాది సామాను తగిలిస్తే అసలు ఎప్పుడూ లేని బండి తయారవుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ నాకు నచ్చదు.

పొట్టి గొట్టం కథ చెప్తాను. పాంజర్ 4ని మొదట తయారుచేసింది ఇతర ట్యాంకులతో తలపడడానికి కాదు. కాల్బలానికి వెనక దన్నుగా ఉండి, శత్రువు మాటు వేసిన చోట్ల మీద పేలుడు గుండ్లు వేయడం దాని పని. అందుకు పొట్టి గొట్టం చాలు. 1941లో సోవియట్ యూనియన్ మీదికి వెళ్ళాక టీ-34, కేవీ ట్యాంకులు ఎదురయ్యాయి. ఈ పొట్టి ఫిరంగి గుండు వాటి ఉక్కుని చీల్చలేకపోయింది. గొట్టం పొడుగైతే మందుగుండు వాయువు గుండుని ఎక్కువసేపు తోస్తుంది, దాంతో గుండు వేగం పెరుగుతుంది. 1942 మార్చి నుంచి పొడుగు గొట్టం పెట్టిన పాంజర్ 4లు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాయి. వాటిని ఎఫ్2 అన్నారు, పొట్టి గొట్టం వాటిని ఎఫ్1 అన్నారు. మీకు నచ్చే సంగతి ఒకటుంది: అప్పటికే పొట్టి గొట్టంతో తయారైన పాతిక దాకా ట్యాంకులకు ఫ్యాక్టరీలోనే గొట్టం మార్చి ఎఫ్2లు చేశారు. అంటే మీరు చేయాలనుకుంటున్న మార్పు నిజంగా జరిగినదే. మీ కిట్ ఎఫ్1 అయితే బాడీని దాదాపు ముట్టుకోనక్కర్లేదు. డి లాంటి అంతకు ముందు రకమైతే ముందు పలకల ఆకారం వేరు, ట్రాక్ వెడల్పు కూడా వేరు, అప్పుడు పని పెరుగుతుంది. పెట్టె మీద ఏ అక్షరం ఉందో చూసి రాయండి.

ఇక లెక్క. జర్మన్ ఫిరంగి పేరులో ఎల్/24, ఎల్/43 అని ఉంటుంది. గొట్టం పొడవు దాని లోపలి వ్యాసానికి ఎన్ని రెట్లో ఆ అంకె చెప్తుంది. లోపలి వ్యాసం 75 మి.మీ. కాబట్టి పొట్టిది 24 రెట్లు, అంటే 1,800 మి.మీ. దాన్ని 72తో భాగిస్తే 25 మి.మీ. ఎఫ్2 గొట్టం 43 రెట్లు, 3,225 మి.మీ., భాగిస్తే 45 మి.మీ.కి ఒక పిసరు తక్కువ. ఇందులో వెనక భాగం టరెట్ (ట్యాంకు పైన తిరిగే గది) లోపల ఉంటుందని మర్చిపోకండి, బయటికి అంతా కనిపించదు. ఎంత కనిపించాలో పక్క నుంచి గీసిన కొలతల బొమ్మ చూసి తేల్చుకోండి. గొట్టం చివర బెజ్జం 75ని 72తో భాగిస్తే 1.04 మి.మీ., కాబట్టి 1 మి.మీ. డ్రిల్ బిట్ సరిగ్గా సరిపోతుంది. దాన్ని చేత్తోనే తిప్పండి, మోటారు డ్రిల్ వేడికి ప్లాస్టిక్ కరిగిపోతుంది. ముందు సూదితో మధ్యలో చిన్న గుంట పెడితే బిట్ పక్కకి జారదు.

ఇత్తడి గొట్టం దొరికితే మేలు, లేకపోతే గుండ్రటి ప్లాస్టిక్ కడ్డీ చాలు. మొదట్లో వచ్చిన ఎఫ్2లకు గొట్టం చివర బంతిలాంటి మజిల్ బ్రేక్ ఉండేది. పేల్చినప్పుడు వాయువు దాని పక్క రంధ్రాల్లోంచి పోయి వెనక్కి తన్నే జోరు తగ్గుతుంది. దానికి పూసల దండలోని చిన్న పూస వాడండి. ఎంత పూస కావాలో ఫొటోలో గొట్టం లావుతో పోల్చి చూసుకోండి. పూసకి అటూ ఇటూ రంధ్రం చేయడం ఓపికతో కూడిన పని, అది మీ ఇద్దరిలో పెద్దవాళ్లు చేయండి. గొట్టం టరెట్‌లోంచి బయటికొచ్చే చోట ఒక కవచం ఉంటుంది, దాని ఆకారం కూడా మారింది. పుట్టీతో దాన్ని సరిదిద్దుకోవాలి. గొట్టం అతికించాక ముందు నుంచీ పైనుంచీ చూడండి, వంకర ఉంటే జిగురు ఆరకముందే సర్దేయాలి. పూర్తయిన బొమ్మలో అందరి కళ్లూ మొదట పడేది గొట్టం మీదే.

పక్క రేకుల సంగతికి వద్దాం. సోవియట్ సైనికులు 14.5 మి.మీ. ట్యాంకు-నిరోధక తుపాకులతో పక్కల నుంచి కొడుతుంటే, ఆ దెబ్బ నుంచి కాపాడడానికి జర్మన్లు 1943 వసంతంలో ఈ రేకులు తగిలించడం మొదలుపెట్టారు. మీ ట్యాంకు 1942 వేసవిలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఉంటే రేకులు వద్దు. మేగ్నెటిక్ మైన్లు అంటుకోకుండా గరుకుగా పూసిన జిమ్మెరిట్ పూత కూడా వద్దు, అది 1943 చివరి భాగం నుంచి 1944 సెప్టెంబరు దాకానే ఉంది. రేకులు ఎలాగైనా కావాలంటే రష్యాలో 1943 ట్యాంకు చేయండి. అప్పుడు గొట్టం ఎల్/48 అవుతుంది, 72తో భాగిస్తే సరిగ్గా 50 మి.మీ. ఇలాంటిచోట కూడికలు, భాగహారాలు తప్ప వేరే దారి లేదు.

రేకులు చేసే విధం చెప్తాను, ఎందుకంటే ఈ చిన్న స్కేల్లో ఎక్కువమంది తప్పేది అక్కడే. అసలు రేకు మందం 5 మి.మీ. 72తో భాగిస్తే 0.07 మి.మీ. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ పలక అర మి.మీ. ఉందనుకుందాం. దాన్ని 72తో హెచ్చిస్తే 36 మి.మీ. మందమైన ఉక్కు అవుతుంది, అంత బరువు ఆ రేకులు వేలాడే కొక్కేలు మోయలేవు. కూల్‌డ్రింక్ క్యాన్ గోడ మందం దాదాపు 0.1 మి.మీ., లెక్క వేస్తే 7 మి.మీ. వస్తుంది. అసలుకి అది చాలా దగ్గర. క్యాన్‌ని కత్తెరతో కోసి బల్లమీద పరిచి చదును చేసి ముక్కలు చేయండి. అంచులు వేలిని కోస్తాయి, కాబట్టి అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకోండి. నిజం రేకులు దారిలో చెట్లకి తగిలి వంగేవి, ఊడి పడిపోయేవి. ఒకటి రెండు పలకలు లేకుండా వదిలేయొచ్చు. కానీ వంచేది ఒకదాన్నే వంచండి. అన్నీ వంచితే వరదలో కొట్టుకొచ్చిన రేకుల షెడ్డులా ఉంటుంది.

స్కేల్ గురించి ఇంకో మాట. అంగడిలో 1/76 అని కూడా కనిపిస్తుంది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1960ల నుంచి తన చిన్న ట్యాంకులు చాలావరకు ఆ స్కేల్లో చేసింది. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, పాంజర్ 4 వెడల్పు 2.88 మీటర్లు. 1/72లో 40 మి.మీ., 1/76లో 38 మి.మీ. కంటే కొద్దిగా తక్కువ. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకదాని టరెట్ ఇంకోదానికి పెట్టకండి. పెద్ద సైజు 1/35 పుట్టుక మాత్రం తమాషాగా ఉంటుంది. జపాన్‌లోని షిజువోకాలో తమియా కంపెనీ 1960ల మొదట్లో మోటారు పెట్టిన పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. బ్యాటరీ సెల్లులు పట్టేంత లోపలి చోటు చూసుకుని సైజు నిర్ణయించుకున్నారు. తర్వాత కొలిస్తే అది అసలులో సుమారు 35వ వంతు వచ్చింది. ప్రపంచమంతా ఇప్పుడు ఆ లెక్కనే పట్టుకుని నడుస్తోంది.

మీ బామ్మ చదువుతూ, "హిట్లర్ ట్యాంకులే పిల్లలకి ఎందుకు?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఈ బండ్లు దేశాలని ఆక్రమించడానికి వాడినవి. ఆస్ట్రియాలోని సెయింట్ వాలెంటిన్ ఊళ్లో పాంజర్ 4 తయారైన నీబెలుంగెన్ ఫ్యాక్టరీ ఉండేది. 1944లో నాజీల మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి ఒక ఉప శిబిరం అక్కడ పెట్టి ఖైదీలచేత పని చేయించారు. ఇది తెలుసుకునే గొట్టం అతికించండి. జర్మన్ల పెద్ద ట్యాంకు టైగర్‌ని ఎవరూ ఓడించలేకపోయారన్న కబుర్లు కూడా నమ్మకండి. టైగర్ 1 అన్నీ కలిపి దాదాపు 1,350 తయారయ్యాయి, అమెరికా షెర్మన్ ట్యాంకులు సుమారు 49 వేలు. మన వాళ్లు కూడా ఎడారిలో ఈ పాంజర్లకు ఎదురు నిలిచారు. 1942 జూలైలో ఎల్ అలమీన్ దగ్గర రువైసాత్ గట్టు మీద భారత బ్రిగేడ్లు పోరాడాయి. 4వ భారత డివిజన్‌లో మద్రాస్ శాపర్లు (సైన్యపు ఇంజనీరింగ్ దళం) ఉండేవారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగమే. ఆఫ్రికా ట్యాంకు చేయమని నేను మొగ్గు చూపడానికి అదొక కారణం. బ్రిటిష్ సైనికులు ఈ పొడుగు గొట్టం దాన్ని మార్క్ 4 స్పెషల్ అని పిలిచేవారు.

ఇక చేతిపని. రన్నర్లని (ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలని) సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, అచ్చుల నూనె పోతేనే రంగు నిలుస్తుంది. ముక్కల్ని చేత్తో తుంచకుండా నిప్పర్‌తో కొంచెం దూరంగా కోసి, మిగిలిన మొనని బ్లేడుతో తీసి ఎమ్రీ పేపర్‌తో రుద్దండి. చక్రాలు ఒక్కో పక్క ఎనిమిది, అన్నీ నేలని తాకాలి. అద్దం మీద పెట్టి చూస్తే ఏది గాలిలో ఉందో తెలిసిపోతుంది. మీ కిట్‌లో ట్రాకులు మెత్తటి రబ్బరులాంటివైతే ప్లాస్టిక్ జిగురు పట్టదు, సూపర్ గ్లూ వాడండి. రోలర్ల మధ్య ట్రాక్ కాస్త కిందికి జారి ఉండాలి. ఆరేదాకా స్పాంజి ముక్క దోపి ఉంచండి. బిగుతుగా లాగిన ట్రాక్ ఉన్న ట్యాంకు బొమ్మలాగే ఉంటుంది. ఏరియల్ కోసం మిగిలిన రన్నర్ కడ్డీని కొవ్వొత్తి మీద మెత్తబడేదాకా తిప్పుతూ వేడిచేసి, మంట నుంచి పక్కకు తీసి నెమ్మదిగా లాగండి. వెంట్రుకలాంటి తీగ వస్తుంది. ఇది పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే, కిటికీ తీసి చేయండి.

ఆఫ్రికా ట్యాంకుకు రంగు ఇసుక పసుపు. రంగు కొంచెం తెల్లబరిచి వేయండి, డబ్బాలో ఉన్న రంగు చిన్న వస్తువు మీద ముదురుగా కనిపిస్తుంది. గోధుమ ఆయిల్ పెయింట్‌ని టర్పెంటైన్‌లో బాగా పల్చన చేసి సందుల్లోకి వదిలితే తలుపులు, మూతలు విడివిడిగా తేలతాయి. దుమ్ముకి నిజం ఇసుక వేయకండి. అర మి.మీ. ఇసుక రేణువు 72 రెట్లయితే 36 మి.మీ. రాయి. మెత్తగా నూరిన సుద్దపొడి చాలు. తుప్పు వెనకున్న సైలెన్సర్ గొట్టానికి తప్ప ఎక్కడా వద్దు. ఎడారి ట్యాంకుని నదిలోంచి తీసినట్టు తుప్పుమయం చేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. డెకాల్స్‌లో (తడిపి అతికించే గుర్తుల్లో) నలుపు తెలుపు శిలువ, టరెట్ నంబరు ఉంటాయి. నాజీ గుర్తుని జర్మనీలో చట్టం నిషేధించింది, కాబట్టి చాలా కిట్లలో అది రాదు. రాకపోయినా లోటేం లేదు.

పెట్టె మీద అక్షరం, కొలతల బొమ్మ రెండూ ఫొటో తీసి పంపండి. అంతదాకా గొట్టం కోయకండి.

మీ తాతయ్య