ఒంట్లు వచ్చిన పాపకి మూడు తెలుసా?

మా అక్క కూతురికి అప్పటికి మూడేళ్ళ నాలుగు నెలలు. ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఇంటికి ఎవరొచ్చినా ఒంట్లు అప్పజెప్పించడం, వాళ్ళు ముచ్చటపడటం మామూలైపోయింది. ఒక మధ్యాహ్నం కుట్టుసామాను డబ్బాలోంచి ఐదు గుండీలు తీసి నేల మీద వరసగా పెట్టాను. "లెక్కపెట్టు నాన్నా" అంటే ఒక్కో గుండీ మీద వేలు ఆనించి, ఒక్కటీ వదలకుండా "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అంది. "అయితే ఎన్ని గుండీలున్నాయి?" అని అడిగాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. "ఊఁ, మొత్తం ఎన్ని?" అన్నాను. నా మొహంలోకి చూసి మూడోసారి మొదలుపెట్టింది. చివరికి డబ్బా మొత్తం ముందు కుమ్మరించి, "నాకు మూడు గుండీలివ్వు" అన్నాను. గుప్పిట నిండా తీసి నా చేతిలో పోసింది. "ఇంద పిన్నీ!" ఆ గుప్పెట్లో ఏడున్నాయి.

అక్కకి కంగారు పుట్టింది. "నిన్నటిదాకా బాగానే చెప్పిందే!" అంది. నిన్న పాప ఎక్కడుందో ఈ రోజూ అక్కడే ఉంది. తనకి వచ్చినదాన్ని చూసి మేమే ఇంకేదో వచ్చిందనుకున్నాం. బడిలో చేరకముందు పిల్లలు నేర్చుకునే చదువూ లెక్కల గురించి నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. పైకి వినపడేది ఒకటి, లోపల జరిగేది మరొకటి. మనం మెచ్చుకునేది ఎక్కువగా మొదటిదాన్ని.

ఆ వయసులో ఒంట్లు ఒక పాట లాంటివి. పాటలో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో తెలిస్తే చాలు, ఆ మాటలకు అర్థం తెలియక్కర్లేదు. లెక్కపెట్టడం వెనక ఎన్ని మెలికలున్నాయో రోచెల్ గెల్మన్, చార్ల్స్ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకి ఒక్కో మాటే అనాలి. మాటల వరస మారకూడదు. ఏ చివర నుంచి మొదలుపెట్టినా లెక్క మారదు. గుండీలైనా అడుగులైనా చప్పట్లైనా ఇవే మాటలు పనికొస్తాయి. వీటన్నిటికంటే పెద్ద మెలిక ఇంకొకటుంది: ఆఖరున పలికిన మాట ఆ ఆఖరి గుండీ పేరు కాదు, అన్ని గుండీలకూ కలిపి చెప్పే జవాబు. పెద్దవాళ్ళకి ఇది ఎంత సహజమంటే, దీన్ని కూడా ఒకరు నేర్చుకోవాలా అనిపిస్తుంది. మా పాపకి మాత్రం "ఐదు" అంటే చివరి గుండీ మీద వేలు పెట్టినప్పుడు అనాల్సిన మాట. "ఎన్ని?" అంటే "లెక్కపెట్టు" అని.

"ఇన్ని ఇవ్వు" అని అడిగి చూసే పరీక్ష నా సొంతం కాదు. 1990ల మొదట్లో కారెన్ విన్ చేసిన పరిశోధనతో ఇది పేరుపడింది. పిల్లలు ఏ వరసలో ఎదుగుతారో అందులో తేటగా కనపడింది. ముందు ఒక్క "ఒకటి" మాత్రమే తెలుస్తుంది. ఒకటి ఇవ్వమంటే ఒకటే ఇస్తారు, ఇంకెన్ని అడిగినా గుప్పెడు ఇస్తారు. కొన్ని నెలలకి "రెండు" తెలుస్తుంది. ఇంకొన్ని నెలలకి "మూడు". ఈ నెలలన్నిటిలోనూ నోటితో పది దాకా చక్కగా చెబుతూనే ఉంటారు. ఆ తర్వాత, సాధారణంగా మూడున్నర, నాలుగేళ్ళ మధ్య, ఒక తలుపు తెరుచుకుంటుంది. నాలుగు, ఐదు, ఆరు అంటూ ఒక్కోటీ విడిగా నేర్చుకోవాల్సిన పని ఇక ఉండదు. ఎంత అడిగితే అంత లెక్కపెట్టి ఆపడం వస్తుంది. నా దృష్టిలో అక్షరాభ్యాసం కంటే పెద్ద రోజు అది. కానీ ఏ రోజు జరిగిందో ఇంట్లో ఎవరూ గమనించరు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగితే పిల్లలు "నేను తప్పు చెప్పానేమో" అనుకుంటారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే చేసిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో సమానమైన రెండు వరసలు చూపించి, ఒక వరసని ఎడంగా జరిపి, "ఇప్పుడు రెండూ సమానమేనా?" అని మళ్ళీ అడుగుతారు. చిన్నపిల్లలు పొడవుగా కనపడే వరసలో ఎక్కువున్నాయంటారు. 1974లో మెక్‌గ్యారిగల్, డొనాల్డ్‌సన్ ఆ పని మనిషి చేత చేయించలేదు. ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసని చెదరగొట్టినట్టు ఆడించారు. అప్పుడు సరైన జవాబు చెప్పిన పిల్లలు చాలా ఎక్కువమంది అయ్యారు. పెద్దమనిషి పనిగట్టుకుని జరిపి అడిగితే, ఏదో మారే ఉంటుందని పిల్లలు అనుకుంటున్నారన్నమాట. అందుకే నాకు పాప మూడుసార్లు లెక్కపెట్టడం కంటే గుప్పెడు గుండీలివ్వడమే ఎక్కువ చెప్పింది.

అలాగని పిల్లలు ఏమీ తెలియకుండా పుడతారనుకోవద్దు. కారెన్ విన్ 1992లోనే ఐదు నెలల పసివాళ్ళకి ఒక చిన్న ఆట చూపించారు. ఒక బొమ్మ పెట్టి, దానికి తెర అడ్డం వేసి, పిల్లలు చూస్తుండగానే తెర వెనక్కి ఇంకో బొమ్మ చేర్చారు. తెర తీస్తే రెండు బొమ్మలుండాలి. ఒక్కటే కనపడినప్పుడు పిల్లలు ఎక్కువసేపు చూశారు. తాము ఎదురుచూసింది జరగకపోతే పసివాళ్ళ చూపు అలాగే నిలిచిపోతుంది. ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కీ 2000లో ఆరు నెలల పిల్లలకు చుక్కలు చూపించారు. 8 చుక్కలకీ 16 చుక్కలకీ తేడా పట్టుకున్నారు, 8కీ 12కీ మాత్రం పట్టుకోలేకపోయారు. అంటే పుట్టిన కొన్ని నెలలకే చిన్న సంఖ్యల మీద గురి, పెద్దవాటి మీద ఉజ్జాయింపు రెండూ ఉన్నాయి. లేనిది "సరిగ్గా ఏడు" అనే ఊహ. దాన్ని మాటలే తెచ్చిపెట్టాలి.

ఆ మాటలు ఇళ్ళలో ఎన్ని వినపడతాయి? సూసన్ లెవైన్ బృందం 14 నెలల వయసు నుంచి 30 నెలల దాకా పిల్లల ఇళ్ళకి వెళ్ళి, ఒక్కో ఇంట్లో మొత్తం ఏడున్నర గంటల మాటలు రికార్డు చేసింది. అంతసేపట్లో ఒక ఇంట్లో సంఖ్యల మాటలు 4 వినపడితే, ఇంకో ఇంట్లో 257. ఎక్కువ విన్న పిల్లలకు నాలుగేళ్ళు దగ్గరపడేసరికి సంఖ్యల అర్థం బాగా తెలిసింది. ఆ తర్వాతి పనిలో ఇంకో సంగతి బయటపడింది. గాల్లో వల్లించే ఒంట్లు కాదు, కంటి ముందున్న వస్తువుల గురించి అన్న సంఖ్యలే ఎక్కువ పనికొచ్చాయి. అందులోనూ నాలుగు నుంచి పది దాకా ఉన్న గుంపుల గురించి మాట్లాడితే ఇంకా మేలు. మనం ఒకటి, రెండు, మూడు దగ్గరే ఆగిపోతుంటాం. చెప్పే పద్ధతి కూడా తేలికే: "ఇదిగో నాలుగు బంతులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు." ముందు మొత్తం, వెంటనే లెక్క. అప్పుడు ఆఖరి మాటా మొత్తం పేరూ ఒకటేనని పిల్లల చెవిన పడుతుంది.

పది దాటాక భాష కూడా కాస్త ఇబ్బంది పెడుతుంది. చైనీస్ భాషలో పదకొండుని "పది ఒకటి" అనే అంటారు. మన "పదకొండు"లో ఒకటి ఎక్కడుందో పిల్లలకు వినపడదు. "పన్నెండు"లో రెండు సగం దాక్కుంది. "పదమూడు"కొచ్చేసరికి కాస్త తెరిపి, మళ్ళీ "పంతొమ్మిది" దగ్గర మెలిక. ఇరవై దాటితే మాత్రం మన సంఖ్యలు తిన్నగా నడుస్తాయి: ఇరవై ఒకటి, ఇరవై రెండు. పిల్లలు పదకొండు, పన్నెండు దగ్గర తడబడితే తెలివి తక్కువని కాదు, ఆ మాటలే అలాంటివి.

ఆటల విషయంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించినది. ఒక పొడవాటి అట్ట, దాని మీద వరసగా 1 నుంచి 10 దాకా గళ్ళు. తిప్పితే 1 గానీ 2 గానీ పడుతుంది, అన్ని గళ్ళు జరపాలి. పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లలు రెండు వారాల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ పావుగంట ఆడారు. అంతే. గీత మీద ఏ సంఖ్య ఎక్కడుండాలో చూపించమంటే వాళ్ళ అంచనా చాలా మెరుగుపడింది. గళ్ళలో అంకెల బదులు రంగులు పెట్టి ఆడించిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. తర్వాత తెలిసిన కిటుకు ఇంకా చిన్నది. 5వ గడిలో ఉండి 2 పడితే "ఒకటి, రెండు" అని జరపకూడదు, "ఆరు, ఏడు" అని జరపాలి. లాస్కీ, సీగ్లర్ 2014లో చూపించిన దాని ప్రకారం, 100 గళ్ళ ఆటలో ఇలా పలికిన పిల్లలకే ఎక్కువ లాభం కలిగింది.

ఇక చదువు. ఒంట్ల కథే ఇక్కడ అఆల రూపంలో మళ్ళీ వస్తుంది. అ నుంచి అః దాకా పాడేస్తారు. మధ్యలో "ఎ" చూపించి ఇదేమిటంటే, మొదటి నుంచి పాడుకుంటూ వస్తేగానీ చెప్పలేరు. చదవడానికి కావలసిన మొదటి మెలకువ అసలు కంటిది కాదు, చెవిది. మాట అంటే అర్థం మాత్రమే కాదు, విరగ్గొట్టదగిన చప్పుడు కూడా అని తెలియాలి. 1974లో ఇసబెల్ లీబర్‌మన్ బృందం పిల్లలతో ఒక ఆట ఆడించింది: మాటలో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు బల్ల మీద కొట్టాలి. నాలుగేళ్ళ పిల్లల్లో దాదాపు సగం మంది మాటని పలుకుల కింద విరవగలిగారు. అంతకంటే చిన్న ముక్కలు, అంటే "కి"లో క్, ఇ లాంటి విడి ధ్వనులు, ఒక్కరికీ అందలేదు. చదవడం నేర్చిన మొదటి తరగతి చివర 70 శాతం మందికి అవీ వచ్చాయి. అంటే ధ్వని తెలిస్తే చదువు వస్తుంది, చదువు వస్తే ధ్వని తెలుస్తుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. పోర్చుగల్‌లో చదువురాని పెద్దవాళ్ళ మీద 1979లో జరిగిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. జీవితమంతా ఆ భాషే మాట్లాడినా, మాటలో మొదటి ధ్వని తీసేసి చెప్పమంటే చాలావరకు వాళ్ళకి చేతకాలేదు.

మన లిపి దగ్గర దారి కొంచెం వేరు. "పలక" అంటే మూడు చప్పట్లు, రాస్తే మూడు అక్షరాలు. నాలుగేళ్ళ చెవికి తేలిగ్గా అందే ముక్కలే కాగితం మీదా కనపడతాయి. కష్టం తర్వాత వస్తుంది. కి, తి, పి మూడింటి మీదా ఒకే గుడి ఎందుకుందో తెలియాలంటే వాటిలో ఒకే "ఇ" వినపడాలి. మనకి చుట్టమైన కన్నడ లిపిని నేర్చుకునే పిల్లలను సోనాలీ నాగ్ పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరాలన్నీ పట్టుబడటానికి మూడు నాలుగు తరగతుల దాకా పడుతోంది, విడి ధ్వనుల మెలకువ కూడా నిదానంగానే వస్తోంది. గుణింతాలూ ఒత్తులూ ఉన్న లిపికి అంత సమయం పట్టడం సహజం. ఐదేళ్ళకే అన్నీ రాలేదని టెన్షన్ పడే అమ్మానాన్నలకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

చెవిని ఎలా పదును పెట్టాలి? లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ 1983లో సుమారు 400 మంది నాలుగైదేళ్ళ పిల్లల మీద చేసిన పనిలో వాడిన ఆటనే ఇంట్లో ఆడుకోవచ్చు. గోడ, మేడ, చెట్టు, నీడ. ఇందులో కలవనిదేది? బంతి, బల్ల, కుర్చీ, బండి. ఇందులో? ఈ ఆట బాగా ఆడిన పిల్లలు కొన్నేళ్ళ తర్వాత చదవడంలోనూ బాగున్నారు. కొంతమందికి రెండేళ్ళ పాటు ఈ ఆటలు నేర్పి చూశారు. ధ్వనులతో పాటు చేత్తో పట్టుకునే ప్లాస్టిక్ అక్షరాలు కూడా ఇచ్చిన పిల్లలే అందరికంటే ముందున్నారు.

పుస్తకం చదివి వినిపించడం మంచిదని అందరికీ తెలుసు. కానీ మనం చదువుతుంటే పిల్లలు ఎటు చూస్తారు? 2005లో ఇవాన్స్, సెంట్-ఓబాఁ పిల్లల చూపు ఎటు పోతోందో యంత్రంతో పట్టి చూశారు. దాదాపు ఎప్పుడూ బొమ్మల మీదే, అక్షరాల మీద వాలిందే తక్కువ. అది పిల్లల తప్పు కాదు, బొమ్మలున్నది చూడ్డానికే. అప్పుడప్పుడూ చదివే మాట కింద వేలు జరిపితే చాలు, మాటలు ఎటు నుంచి ఎటు నడుస్తాయో, ఆ గీతలే మన నోట మాటలవుతున్నాయని తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, చదవడం ఆపి అడగడం. గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో రెండేళ్ళు అటూఇటూ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇదే నేర్పింది: "కుక్క ఎక్కడికెళ్తోంది?" అనో "ఇప్పుడేమవుతుంది?" అనో అడగండి, పిల్లలు అన్న మాటకి ఇంకో మాట చేర్చి తిరిగి అనండి. నెల రోజులు అలా చదివిన ఇళ్ళలో పిల్లల మాట, మామూలుగా చదివిన ఇళ్ళ పిల్లల కంటే కొన్ని నెలల ఎదుగుదలంత ముందుకెళ్ళింది.

రాయడం గురించి ఒక్క మాట. చుక్కల మీద దిద్దించడం మనకి బాగా అలవాటు. కారిన్ జేమ్స్ 2012లో ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలతో కొన్ని అక్షరాలు చూసి సొంతంగా రాయించారు, కొన్ని దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద కొట్టించారు. తర్వాత మెదడు స్కాన్‌లో చదువుకి సంబంధించిన భాగాలు మేల్కొన్నది సొంతంగా రాసిన అక్షరాలు చూసినప్పుడే. పరీక్షించినది కొద్దిమంది పిల్లలనే, కానీ కారణం ఆలోచించదగ్గది. పిల్లలు రాసిన ప్రతిసారీ అక్షరం ఒక్కో రకంగా వంకరపోతుంది. అన్ని వంకరల్లోనూ అదే అక్షరమని గుర్తుపట్టడమే చదువు. 3ని అద్దంలో చూసినట్టు తిప్పి రాసినా ఆ వయసులో బెంగక్కర్లేదు. గిన్నె ఎటు తిప్పినా గిన్నే కదా, మన కళ్ళకి అదే అలవాటు. అక్షరాల దగ్గర ఆ అలవాటు మానుకోవడానికి కొంతకాలం పడుతుంది.

తొందర వల్ల ఒరిగేది తక్కువన్న ఆధారం కూడా ఉంది. న్యూజిలాండ్‌లో ఐదేళ్ళకి చదవడం మొదలుపెట్టిన పిల్లలనీ, ఏడేళ్ళకి మొదలుపెట్టిన పిల్లలనీ సెబాస్టియన్ సగేట్ బృందం పోల్చి చూసింది. పదకొండేళ్ళు వచ్చేసరికి ఇద్దరూ ఒకచోటే ఉన్నారు. మరోపక్క గ్రెగ్ డంకన్ బృందం 2007లో ఆరు పెద్ద సర్వేలను కలిపి చూస్తే, బడిలో చేరేనాటికి లెక్కల మీద ఉన్న అవగాహనే తర్వాతి చదువుని అన్నిటికంటే బాగా ముందే సూచించింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవని నా నమ్మకం. మొదటిది పాఠం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. రెండోది పాఠానికి ముందే పిల్లల్లో ఏముందన్నది.

మళ్ళీ అక్క ఇంటికి వెళ్ళేసరికి ఐదు నెలలైంది. ఈసారి గుండీల డబ్బా నేను తీయలేదు, పాపే తెచ్చుకుంది. చొక్కా కుట్టే ఆట ఆడుతోంది. "నా చొక్కాకి ఆరు గుండీలు కావాలి" అన్నాను. ఒక్కోటీ తీసి నా అరచేతిలో పెడుతూ మెల్లగా లెక్కపెట్టింది. నాలుగు దగ్గర ఒక గుండీ జారి మంచం కిందికి దొర్లిపోయింది. పాప ఆగింది. నా చేతిలోకి చూసింది, మంచం కిందికి చూసింది, పెదాలు కదిలాయి. మళ్ళీ మొదటి నుంచి చెప్పలేదు.

"మూడే ఉన్నాయి పిన్నీ, ఉండు" అని డబ్బాలో చెయ్యి పెట్టింది.