140 నుంచి 1600 దాకా: వద్దన్నా మోగే ఫోన్ వెనక కథ

మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చేసరికి ఫోన్ మోగుతుంది. చూస్తే మామూలు పది అంకెల నంబరే. కొరియర్ అబ్బాయేమో, పిల్లల బడి నుంచేమో అని ఎత్తుతాం. "సార్, షాద్‌నగర్ దగ్గర ఓపెన్ ప్లాట్లు, ప్రీ లాంచ్ ఆఫర్..." కట్ చేసి బ్లాక్ చేస్తాం. మర్నాడు అదే గొంతు, వేరే నంబర్. అమ్మకం కాల్స్ వద్దని డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టుకున్నాక కూడా ఇవెందుకు వస్తున్నాయని విసుక్కోని వాళ్లు లేరు. దానికి జవాబు 2007లో తీసుకున్న ఒక నిర్ణయంలో ఉంది. అది అర్థం కావాలంటే ఇంకో నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి.

2003 మేలో 'ఫోన్ చేసినవాడే డబ్బు కట్టాలి' అన్న పద్ధతి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎత్తినవాడికీ బిల్లు పడేది కాబట్టి తెలియని నంబర్ నుంచి క్రెడిట్ కార్డు అమ్మబోయినవాడికి తిట్లే మిగిలేవి. ఇన్‌కమింగ్ ఉచితం కావడంతో ఆ అడ్డు పోయింది. బ్యాంకులు పర్సనల్ లోన్ల కోసం జనం వెంట పడిందీ ఆ రోజుల్లోనే. రోమింగ్‌లో మాత్రం పాత పద్ధతే సాగింది. హైదరాబాద్ నంబర్‌తో చెన్నై వెళ్లినవాడికి లోన్ కాల్ వస్తే, ఆ లోన్ నాకొద్దు అని చెప్పడానికి కూడా తనే డబ్బు కట్టుకోవాలి. ఈ బాధ 2005లో ప్రజాప్రయోజన వ్యాజ్యంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 జూన్‌లో మొదటి నిబంధనలు తెచ్చింది. నేషనల్ డు నాట్ కాల్ రిజిస్ట్రీ అలా పుట్టింది. కాల్స్ వద్దనుకున్నవాళ్లు 1909కి చెప్పి పేరు నమోదు చేసుకోవాలి. టెలిమార్కెటర్లు తమ జాబితాను ఆ రిజిస్ట్రీతో సరిచూసుకుని, అందులో ఉన్న నంబర్లను తీసేయాలి. నమోదు అమల్లోకి రావడానికి 45 రోజులు. తప్పు చేసిన టెలిమార్కెటర్ మొదటిసారి 500 రూపాయలు, తర్వాత ప్రతి కాల్‌కీ 1000 రూపాయలు కట్టాలి.

అసలు చిక్కు ఇక్కడే పడింది. వద్దని చెప్పేదాకా కావాలన్నట్టే లెక్క. ఇంటి ముందు 'అమ్మకందార్లు రావద్దు' అని బోర్డు పెట్టుకోనివాడి ఇంట్లోకి ఎవరైనా రావచ్చు అన్నట్టు. కావాలన్నవాళ్లకే ఫోన్ చేసే 'డు కాల్' పద్ధతి పెట్టాలన్న వాదన తర్వాత గట్టిగానే వినిపించింది కానీ నిలబడలేదు. దాంతో నమోదు చేసుకోవడం, వచ్చిన కాల్ వివరాలు రాసుకోవడం, గడువులోగా ఫిర్యాదు చేయడం, అన్నీ ఫోన్ మోగినవాడి నెత్తినే పడ్డాయి. ఇదంతా చేసేంత తీరిక మనలో ఎందరికి ఉంటుంది?

500 రూపాయల జరిమానాకు ఎవరూ జడవలేదు. 2010 డిసెంబరులో ట్రాయ్ ఇంకా కఠినమైన నిబంధనలు ప్రకటించింది. అవి వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2011 సెప్టెంబరు 27న అమల్లోకి వచ్చాయి. రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా అమ్మకం కాల్స్ చేయకూడదు. జరిమానా 25 వేలతో మొదలై రెండున్నర లక్షల దాకా పెరుగుతుంది, ఆరోసారికి బ్లాక్‌లిస్టే. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, చదువు, ఆరోగ్యం వంటి ఏడు రకాల్లో ఏది కావాలో, ఏది వద్దో వినియోగదారుడు ఎంచుకోవచ్చు. టెలిమార్కెటర్ల నంబర్లన్నీ 140తో మొదలవ్వాలి.

కాగితం మీద చక్కగానే ఉంది. కానీ 140 చూడగానే జనం ఎత్తడం మానేస్తే, రిజిస్టర్ చేసుకుని నిబంధన పాటించినవాడి వ్యాపారం దెబ్బతింటుంది. పాటించనివాడు రెండు సిమ్ కార్డులు కొనుక్కుని మామూలు నంబర్ నుంచి మాట్లాడతాడు. దొరికినవాడే దొంగ అంటారు కదా, ఇక్కడ పేరు రాయించుకున్నవాడే దొంగయ్యాడు. ఏజెంట్లు, డీలర్లు, ప్లాట్ల బ్రోకర్లు పది అంకెల నంబర్లకు మారిపోవడానికి కారణం వేరే వెతకక్కర్లేదు.

ఆ 2011 సెప్టెంబరు 27నే ఇంకో వింత నిబంధన కూడా వచ్చింది. మామూలు సిమ్‌ల నుంచి ప్రకటనలు గుప్పిస్తున్నారని, ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి వెళ్లకూడదన్నారు. అప్పటి కాలేజీ పిల్లల గోల అంతా ఇంతా కాదు. వాళ్లకు వంద మెసేజ్‌లు మధ్యాహ్నం దాకా కూడా వచ్చేవి కావు. నవంబరులో దాన్ని 200 చేశారు. 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు, స్నేహితులకు పంపుకునే మెసేజ్‌ల మీద ఈ హద్దు చెల్లదని కొట్టేసింది. అప్పుడు రోజుకు 100 దాటితే ఒక్కోదానికి కనీసం 50 పైసలు అన్నారు. 2020లో అదీ పోయింది. అప్పటికే జనం వాట్సాప్‌కి మారిపోయారు కాబట్టి అది పోయిన సంగతి కూడా ఎవరికీ పట్టలేదు.

2018 జులైలో వచ్చిన మూడోతరం నిబంధనలు ఆలోచనలో నిజంగా పెద్దవి. పంపేవాళ్ల వివరాలు బ్లాక్‌చైన్ పద్ధతిలో, డీఎల్‌టీ అనే ఉమ్మడి చిట్టాలో ఉండాలి. ఎస్సెమ్మెస్ పంపే ప్రతి కంపెనీ ముందు తన పేరు, ఆ తర్వాత మెసేజ్ మీద పంపినవాళ్ల పేరుగా కనిపించే హెడర్, చివరికి మెసేజ్ నమూనా కూడా నమోదు చేయాలి. వెళ్లే ప్రతి మెసేజ్‌నీ ఆ నమూనాతో పోల్చి చూస్తారు. సరిపోకపోతే ఆపేస్తారు. దీన్నే స్క్రబ్బింగ్ అంటారు. ఇలాంటి చిట్టా నడిపే ట్రూబ్లాక్ అనే వ్యవస్థను తయారుచేసింది మన హైదరాబాద్ కంపెనీ టాన్లానే.

నిబంధనలు ఉన్నా అమలు సాగుతూ వచ్చింది. తమ పేరు వాడుకుని జనాన్ని మోసం చేస్తున్నారని పేటీఎం మాతృసంస్థ కోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు నిబంధనలను కచ్చితంగా అమలు చేయమంది. మార్చి 8న స్క్రబ్బింగ్ మొదలుపెట్టారు. ఆ రోజు దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. చాలా సంస్థలు తమ నమూనాలు నమోదు చేయలేదు, చేసినవాళ్లవీ అక్షరం అటూ ఇటూ అయితే ఆగిపోయాయి. డబ్బు పంపబోయినవాళ్లు, అంతకు వారం ముందే 60 ఏళ్లు దాటినవాళ్లకు మొదలైన కోవిడ్ టీకా కోసం కోవిన్‌లో పేరు రాయించుకోబోయినవాళ్లు ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నారు. తమాషా ఏమిటంటే, 2018లో ఈ నిబంధనలు తెచ్చినప్పుడు ట్రాయ్ ఛైర్మన్‌గా ఉన్న ఆర్.ఎస్.శర్మే 2021లో కోవిన్ బాధ్యత చూస్తున్నారు. మర్నాడే ట్రాయ్ స్క్రబ్బింగ్‌ను ఏడు రోజులు ఆపింది. ఆ తర్వాత నెమ్మదిగా దారిలో పడింది.

డీఎల్‌టీ వల్ల ఎస్సెమ్మెస్ కొంత బాగుపడిన మాట నిజం. అక్కడా కన్నాలున్నాయి. మెసేజ్ నమూనాలో పేరు, మొత్తం, తేదీ కోసం ఖాళీలు వదులుతారు. ఆ ఖాళీల్లో మోసగాళ్లు లింకులు ఇరికించడం మొదలుపెట్టారు. వాడకంలో లేని హెడర్లను, ఖాళీలెక్కువున్న నమూనాలను తనిఖీ చేసి సరిచేయమని 2023లో ట్రాయ్ ఆదేశించాల్సి వచ్చింది. ముందే అనుమతి పొందిన లింకులే మెసేజ్‌లో వెళ్లాలన్న నియమం 2024 అక్టోబరు నుంచి వచ్చింది.

కాల్స్ సంగతి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. 2024 మొదటి ఆరు నెలల్లోనే రిజిస్టర్ కాని టెలిమార్కెటర్ల మీద దాదాపు 7.9 లక్షల ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఆగస్టు 13న ట్రాయ్, ఇలాంటివాళ్ల కనెక్షన్లన్నీ తీసేసి రెండేళ్లు బ్లాక్‌లిస్టులో పెట్టమని టెలికాం కంపెనీలను ఆదేశించింది. మూడు వారాల్లో 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి, 50కి పైగా సంస్థలు బ్లాక్‌లిస్టుకెక్కాయి. ఆ అంకెలు చూస్తే సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ కలుగుతుంది. మూడు వారాల్లో చేయగలిగిన పనికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అనే సామెతలో గడువు ఆర్నెల్లే, ఇక్కడ ఏళ్లు. ప్రకటనల కాల్, మెసేజ్ రెండూ టెలికాం కంపెనీకి ఆదాయమే. పట్టుకోవాల్సిందీ అదే కంపెనీ. ఆలస్యానికి నాకు కనిపించే కారణం ఇదే.

2025 ఫిబ్రవరి 12 నాటి సవరణలు ఈ రెండో కొసను, అంటే టెలికాం కంపెనీని పట్టుకున్నాయి. స్పామ్ లెక్కల్ని తప్పుగా చూపే టెలికాం కంపెనీకి మొదటిసారి రెండు లక్షలు, రెండోసారి ఐదు లక్షలు, ఆపైన ప్రతిసారీ పది లక్షల జరిమానా. ఫిర్యాదుకు గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులైంది. చర్య తీసుకోవడానికి కంపెనీకున్న 30 రోజుల గడువు ఐదు రోజులకు తగ్గింది. ఒక నంబర్ మీద చర్యకు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావాల్సి ఉండేది, ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. డీఎన్‌డీలో లేనివాళ్లు కూడా ఫిర్యాదు చేయొచ్చు. మెసేజ్ హెడర్ చివర ఒక అక్షరం వస్తుంది. పీ ఉంటే ప్రకటన, ఎస్ ఉంటే సేవ, టీ ఉంటే లావాదేవీ, జీ ఉంటే ప్రభుత్వం. బ్యాంకులు ఖాతా లావాదేవీల గురించి చేసే కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు, అమ్మకాలకు 140 వాడాలని రిజర్వ్ బ్యాంక్ అంతకు నెల ముందే, జనవరిలో చెప్పింది.

వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు ఈ నిబంధనల కిందికి రావు. షాద్‌నగర్ ప్లాట్లు ఇప్పుడు అక్కడ డ్రోన్ వీడియోతో సహా దర్శనమిస్తున్నాయి.